ముగ్గురక్కల తమ్ముడు

అమెరికా ఫుట్‌బాలున బంతిని కాలితో కంటె చేతితోనే యెక్కువగ నడుపుదురు. దాని నెవరి కందింపవలయునో క్షణములో నిర్ణయించువాడు క్వార్టర్‌బ్యాకు.

సోదరీమణులారా, ఈ స్థానమున ప్రసిద్ధుడైన టామ్ బ్రేడీ కాలిఫోర్నియాలో ముగ్గురక్కల తరువాత పుట్టినవాడు. అక్కలు మువ్వురును ఆటలలో మేటులు. హైస్కూలున నతడు చేరిన చిన్నవారి జట్టు ఆ యేడు ఒక్క పందెమైనను గెలువలేదు. అట్టి జట్టులోను అతడు బదులు ఆటగాడే!

1995లో మిచిగన్ విశ్వవిద్యాలయమున చేరునప్పటికి ఆ స్థానమునకై యతనికి ముందు ఆరుగురుండిరి. మూడేండ్లు దాదాపు బరిప్రక్కనే గడచెను. వేరొక కళాశాలకు పోవుదునా యని తల్లడిల్లెను. మేమైనచో పొమ్మనియే చెప్పియుందుము! అతడు నిలిచెను. 1998లో స్థానము దక్కెను. మరుసటియేడు దానిని తనకంటె చిన్నవానితో పంచుకొనవలసివచ్చెను. 2000 జనవరి 1వ తేదీన ఆరెంజి బౌల్ పందెమున జట్టు రెండుమారులు 14 పాయింట్లు వెనుకబడినను, అతడు 369 గజములు బంతి విసరగా అలబామాపై 35-34తో గెలిచినది.

ఆ ఏప్రిలులో వృత్తిజట్లవారు ఆటగాండ్రను వరుసగా నెన్నుకొనునపుడు, అతనికంటె ముందు 198 మందిని పిలిచిరి.