మత్తు లేని పరిమళం కోసం విత్తన వేట
హిమాలయ రాష్ట్రాలలో గంజాయి మొక్కపై కొత్త పరిశోధనలు. చట్టానికీ చేనుకూ మధ్య 0.3 శాతం గీత

సిమ్లా: వానాకాలం ముగిసే వేళకు హిమాలయ సానువులలో కాలిబాటల పక్కన, పాడుబడిన ఇళ్ల చుట్టూ, పశువుల దొడ్ల వెనుక ఒక మొక్క మనిషెత్తు పెరిగి ఘాటైన వాసన వెదజల్లుతూ ఉంటుంది. ఎవరూ విత్తకుండానే మొలిచే ఆ మొక్కను పీకి పారవేయడానికి పోలీసులు, అటవీ సిబ్బంది ఏటా శ్రమిస్తుంటారు. అదే మొక్కను క్రమపద్ధతిలో విత్తి, పెంచి, పరిశీలించే బాధ్యతను హిమాచల్ ప్రదేశ్ ప్రభుత్వం ఇప్పుడు రెండు విశ్వవిద్యాలయాలకు అప్పగించింది. మొక్క పేరు గంజాయి. పరిశోధకులు వెదుకుతున్నది మాత్రం మత్తును కాదు. మత్తు నామమాత్రంగా మిగిలి, నార, గింజ, ఔషధ గుణం, పరిమళం నిలిచి ఉండే విత్తనాన్ని.

రాష్ట్ర రెవెన్యూ మంత్రి జగత్ సింగ్ నేగీ అధ్యక్షతన 2023లో ఏర్పాటైన కమిటీ నివేదికను హిమాచల్ శాసనసభ 2024 సెప్టెంబరులో ఆమోదించింది. తదనుగుణంగా 2025 జనవరిలో రాష్ట్ర మంత్రివర్గం ప్రయోగాత్మక అధ్యయనానికి అనుమతినిచ్చింది. పాలంపూర్‌లోని వ్యవసాయ విశ్వవిద్యాలయం, నౌణీలోని డాక్టర్ వై.ఎస్. పర్మార్ ఉద్యాన, అటవీ విశ్వవిద్యాలయం ఈ అధ్యయనాన్ని నిర్వహించాలన్నది నిర్ణయం. పొరుగున ఉన్న ఉత్తరాఖండ్ అంతకుముందే, 2018లో, పారిశ్రామిక అవసరాలకు ఈ పంటను వాణిజ్య సరళిలో పండించేందుకు లైసెన్సు మంజూరు చేసి దేశంలో తొలి రాష్ట్రంగా నిలిచింది.

చట్టం ఏమంటోంది?

గంజాయి సాగు దేశంలో సంపూర్ణంగా నిషిద్ధమన్న అభిప్రాయం సర్వత్రా ఉంది. వాస్తవం కొంత భిన్నం. 1985 నవంబరు 14 నుంచి అమలులోకి వచ్చిన మాదక ద్రవ్యాల చట్టం ప్రకారం అనుమతి లేకుండా ఈ మొక్కను పెంచినవారికి పదేళ్ల వరకు కఠిన కారాగార శిక్ష, లక్ష రూపాయల వరకు జరిమానా విధించవచ్చు. అయితే అదే చట్టంలోని పదో సెక్షన్ ఈ సాగును అనుమతించి నియంత్రించే అధికారాన్ని రాష్ట్ర ప్రభుత్వాలకు ఇచ్చింది. కేవలం నార కోసం, గింజల కోసం లేదా ఉద్యాన అవసరాల కోసం సాగును ప్రత్యేక ఉత్తర్వుతో అనుమతించవచ్చునని పద్నాలుగో సెక్షన్ చెబుతోంది. పూల గుత్తులు లేకుండా విడిగా ఉన్న ఆకు, గింజ చట్టం చెప్పే 'గంజాయి' నిర్వచనంలోకి రాకపోవడం గమనార్హం.

ఇక్కడ తెలుగు పాఠకులకు ఒక వివరణ అవసరం. మన ప్రాంతంలో పచ్చిరొట్టకు, తాళ్లకు పెంచే జనుమును ఆంగ్ల వాణిజ్య పరిభాషలో 'సన్ హెంప్' అని వ్యవహరించడం వల్ల రెండూ ఒకటేనన్న భ్రమ కలుగుతుంది. జనుము చిక్కుడు కుటుంబానికి చెందిన వేరే మొక్క. దానికీ గంజాయికీ ఎలాంటి సంబంధమూ లేదు.

ఉత్తరాఖండ్ నిబంధనలలో కీలకమైనది ఒక అంకె. మత్తు కలిగించే టి.హెచ్.సి. అనే రసాయనం పంటలో 0.3 శాతం మించరాదు. మించితే పంటను ధ్వంసం చేయవలసిందే. ఈ గీత ప్రకృతి గీసింది కాదు. కెనడా వృక్ష శాస్త్రవేత్త ఎర్నెస్ట్ స్మాల్, అమెరికాకు చెందిన ఆర్థర్ క్రాన్‌క్విస్ట్ 1976లో మొక్కల వర్గీకరణ సౌలభ్యం కోసం సూచించిన కొలమానం అది. అనంతర కాలంలో అదే అనేక దేశాల చట్టాలకు ఎక్కింది. అమెరికా 2018లో చేసిన వ్యవసాయ చట్టంలోనూ ఇదే అంకె ఉంది.

ఒక గ్రంథి, రెండు సరుకులు

అంకెను కాగితం మీద రాయడం తేలిక. చేనులో పాటించడం కష్టం. ఆడ మొక్క పూల గుత్తుల మీద కంటికి మంచు పొడిలా కనిపించే సూక్ష్మ గ్రంథులు ఉంటాయి. మత్తు రసాయనం తయారయ్యేది వాటిలోనే. పరిమళ తైలాలు తయారయ్యేదీ వాటిలోనే. నిజానికి టి.హెచ్.సి.కి వాసన లేదు. మొక్కకు వాసననిచ్చేవి టెర్పీన్లనే తేలికపాటి తైలాలు. వీటిలో చాలావరకు మన వంటింటికి పరిచితమైనవే. నిమ్మ, నారింజ తొక్కలలోని లిమోనీన్, మిరియాలు, లవంగాలలోని కేరియోఫిలీన్, ధనియాలలోని లినలూల్, పైన్ చెట్ల బంకలోని పైనీన్ గంజాయిలోనూ వేర్వేరు పాళ్లలో ఉంటాయి. కొన్ని రకాలకు ఉండే దుర్గంధం వంటి ఘాటుకు అతి స్వల్ప పరిమాణంలో ఉండే గంధక సమ్మేళనాలు కారణమని అమెరికా పరిశోధకులు 2021లో వెల్లడించారు.

గ్రంథులు తక్కువగా ఉన్న మొక్కలను ఎంచుకుంటూ పోతే మత్తు తగ్గుతుంది. దానితోపాటు పరిమళమూ, ఔషధ విలువా తగ్గిపోతాయి. నార పంటకు అది నష్టం కాదు. సుగంధ తైలానికీ, ఔషధానికీ మాత్రం మూలధనమే పోయినట్లవుతుంది. కనుక గ్రంథిని ఉంచి, అందులో జరిగే తయారీని మార్చుకున్న మొక్కను పట్టుకోవాలి.

అటువంటి మొక్కలు ప్రకృతిలోనే ఉన్నాయి. మొక్కలో మొదట ఒక మూల పదార్థం తయారవుతుంది. ఒక ఎంజైము దానిని టి.హెచ్.సి. వైపు, మరొక ఎంజైము మత్తు కలిగించని సి.బి.డి. వైపు మళ్లిస్తాయి. ఏ ఎంజైము ఉంటుందన్నది వంశపారంపర్యంగా సంక్రమిస్తుంది. నెదర్లాండ్స్‌కు చెందిన డి మీజర్ బృందం 2003లో ప్రచురించిన సంకరణ ఫలితాల ప్రకారం, రెండు శుద్ధ రకాలను కలిపితే మొదటి తరం మొక్కలన్నీ మధ్యస్థంగా ఉంటాయి. వాటి సంతానంలో సుమారు నాలుగో వంతు మత్తు రకం, సగం మిశ్రమం, మిగిలిన నాలుగో వంతు మత్తు లేని రకంగా విడిపోతాయి. బఠానీ మొక్కలతో మెండెల్ చూపిన లెక్కకు ఇది దగ్గరి బంధువే. ఆ చివరి నాలుగో వంతే పరిశోధకుల పెట్టుబడి.

అయితే పరిమళం ఇంత సులభంగా లొంగదు. దానిని నిర్ణయించే జన్యువులు అనేకం. ఒకే గుత్తిలోని గింజలను విత్తినా ఒక మొక్క నిమ్మ వాసన, పక్క మొక్క మిరియాల వాసన వేయవచ్చు. ఆడ, మగ మొక్కలు వేరువేరుగా ఉండి, గాలి ద్వారా పరపరాగ సంపర్కం జరిగే పంట కావడమే ఇందుకు కారణం. అందువల్ల ఎంపికకు ఓపికే ఆయుధం. పెద్ద సంఖ్యలో మొక్కలను పెంచాలి, ఒక్కొక్కదానికి గుర్తు వేయాలి, పూత వేళ ప్రయోగశాలలో రసాయనాల పాళ్లు కొలవాలి. నచ్చిన తల్లి మొక్క గింజలను వేరుగా భద్రపరచి మళ్లీ విత్తాలి. తరం వెంట తరం ఇలా వడపోస్తేగాని స్థిరమైన రకం నిలవదు.

నూరేళ్ల క్రితపు 'గంజాయి వైద్యులు'

ఈ విద్య ఉపఖండానికి కొత్తదేమీ కాదు. బ్రిటిష్ ప్రభుత్వం 1893లో నియమించిన భారత గంజాయి విచారణ సంఘం వెయ్యి మందికి పైగా సాక్షులను విచారించి మరుసటి ఏడాది నివేదిక సమర్పించింది. అప్పటి బెంగాల్‌లో, నేటి బంగ్లాదేశ్‌లో ఉన్న నౌగావ్ ప్రాంతంలో రైతులు ప్రత్యేక నిపుణులను కూలికి పిలిపించుకునేవారని అందులో నమోదైంది. పూత విచ్చకముందే మగ మొక్కలను ఆనవాలు పట్టి పీకించడం వారి పని. స్థానికంగా వారిని 'పొద్దార్', 'పరఖ్‌దార్' అనేవారు. ఆంగ్లేయ అధికారులు 'గంజాయి వైద్యులు' అన్నారు. ఒక్క మగ మొక్క కళ్లు గప్పినా చుట్టుపక్కల పంటంతా గింజ పట్టి ధర పడిపోయేది. నౌగావ్‌లో 1917లో సాగుదారుల సహకార సంఘం సైతం వెలిసింది. బంగ్లాదేశ్ ప్రభుత్వం 1987లో ఆ సాగుకు స్వస్తి చెప్పింది. మద్రాసు రాజధానిలోనూ, అప్పటి కృష్ణా జిల్లా బాపట్ల తాలూకాలో లైసెన్సుపై ఈ పంట పండేది.

కొండ ప్రజల అవసరం వేరు. కుమావూ ప్రాంతంలో భంగు గింజలను వేయించి నూరి చేసే చట్నీ ఇంటింటి వంటకం. గఢ్వాల్‌లో దీని నారతో నేసిన ముతక గుడ్డను 'భంగేలా' అంటారు. కులూ లోయలో గుడి ప్రాంగణాలలోకీ, వంట ఇంటిలోకీ వేసుకోదగిన 'పూలా' చెప్పులకు వాడేదీ ఇటువంటి నారే. భారత ఆహార భద్రత, ప్రమాణాల సంస్థ 2021 నవంబరులో గింజలను, గింజల నూనెను, పిండిని ఆహారంగా గుర్తించింది. కిలో గింజలలో 5 మిల్లీగ్రాములకు, కిలో నూనెలో 10 మిల్లీగ్రాములకు మించి టి.హెచ్.సి. ఉండరాదని పరిమితి విధించింది.

గాలికి లైసెన్సు లేదు

ప్రభుత్వ అనుమతి పొంది, ధ్రువీకరించిన విత్తనం తెచ్చి విత్తిన రైతుకు కూడా నిశ్చింత లేదు. మొదటి ముప్పు పక్కనున్న అడవి మొక్కలదే. ఈ పుప్పొడి గాలిలో ఎంత దూరం పోగలదో తెలుసుకోవడానికి ఒక్క ఉదాహరణ చాలు. ఉత్తరాఫ్రికాలోని మొరాకో నుంచి సముద్రం దాటి వచ్చిన గంజాయి పుప్పొడిని స్పెయిన్ దక్షిణ తీరంలోని మలగా నగరంలో శాస్త్రవేత్తలు 1990లలో గుర్తించారు. సముద్రమే అడ్డు కానప్పుడు కొండవాలులోని కంచె ఏపాటిది? ఆ ఏడు పంటకు పెద్ద హాని జరగకపోవచ్చు. కాని రైతు దాచుకున్న గింజ మరుసటి ఏడాదికి తల్లి మొక్క లక్షణాలను నిలుపుకోదు. ఆ గింజను నమ్మి విత్తినవాడు తనకు తెలియకుండానే గీత దాటుతాడు. ఏటా విత్తనం కొనవలసి వస్తే లాభం విత్తన వ్యాపారికే దక్కుతుంది.

రెండవ ముప్పు మొక్కలోనే ఉంది. సి.బి.డి. తయారు చేసే ఎంజైము స్వల్పంగా టి.హెచ్.సి.ని కూడా తయారు చేస్తుంది. స్థూలంగా ఇరవై పాళ్లకు ఒక పాలు. సి.బి.డి. 6 శాతానికి చేరితే టి.హెచ్.సి. 0.3 శాతాన్ని తాకుతుందన్నమాట. అంటే మేలైన పంట పండే కొద్దీ చట్టం గీత దగ్గరవుతుంది. గుత్తి ముదిరే కొద్దీ రెండూ పెరుగుతాయి గనుక, కోత పది రోజులు ఆలస్యమైతే చట్టబద్ధమైన చేను నేరమయ్యే ప్రమాదం ఉంది. పరీక్ష చేసే ప్రయోగశాల జిల్లా కేంద్రానికి ఆవల ఉంటే, ఫలితం వచ్చేసరికి నిర్ణయం రైతు చేతిలో ఉండదు.

మూడవది పోలీసుల సమస్య. రెండు రకాల మొక్కలకూ ఆకారం ఒకటే, వాసనా ఒకటే. పరిమళం నిలిచిన రకమే వస్తే చూపుతోగాని, ముక్కుతోగాని తేడా చెప్పడం అసాధ్యం. అనుమతి పొందిన చేను చాటున అక్రమ సాగు జరగవచ్చునన్న ఆందోళన నిరాధారమైనది కాదు. ఆంధ్ర, ఒడిశా సరిహద్దు కొండలలో 'శీలావతి' పేరిట ప్రసిద్ధమైన రకం సాగును అరికట్టేందుకు ఆంధ్రప్రదేశ్ పోలీసులు 2021లో 'ఆపరేషన్ పరివర్తన' చేపట్టి వేలాది ఎకరాలలో తోటలను ధ్వంసం చేశారు. 2022 ఫిబ్రవరిలో అనకాపల్లి సమీపంలో సుమారు 2 లక్షల కిలోల గంజాయిని తగులబెట్టారు. అక్కడ దళారీల సొమ్ముకు ఆశపడి జైలుపాలైనవారిలో గిరిజన యువకులు అనేకులు. కొత్త విధానం ఏదైనా వారి గాయాన్ని విస్మరించి ముందుకు సాగలేదు.

విత్తనం ఎవరిది?

ప్రపంచ ధోరణి కొంత సడలింది. 2020 డిసెంబరులో ఐక్యరాజ్య సమితి మాదక ద్రవ్యాల సంఘం 27-25 ఓట్లతో గంజాయిని అత్యంత ప్రమాదకర ద్రవ్యాల జాబితా నుంచి తొలగించినప్పుడు భారత్ అనుకూలంగా ఓటు వేసింది. అరుదైన బాల్య మూర్ఛ వ్యాధులకు ఈ మొక్క నుంచి తీసిన సి.బి.డి. ఔషధాన్ని అమెరికా 2018లో ఆమోదించింది. జమ్మూలో సి.ఎస్.ఐ.ఆర్. ఆధ్వర్యంలోని పరిశోధన సంస్థ సైతం ఔషధాల తయారీ లక్ష్యంతో ఛఠా క్షేత్రంలో అనుమతిపై ఈ మొక్కలను పెంచుతోంది. పాకిస్థాన్ 2024లో నియంత్రణ ప్రాధికార సంస్థ ఏర్పాటుకు ఆర్డినెన్సు తెచ్చింది. ఇందుకు భిన్నంగా, 2022లో ఆంక్షలను ఎత్తివేసిన థాయిలాండ్ మూడేళ్లు తిరిగేసరికి, 2025 జూన్‌లో, వైద్యుని చీటీ ఉంటేనే విక్రయమని మళ్లీ పగ్గాలు బిగించింది.

ఈ పరిణామాల మధ్య హిమాలయ గ్రామాలలో శతాబ్దాలుగా నిలిచిన దేశవాళీ రకాల విలువ పెరిగింది. విదేశీ విహారుల వెంట వచ్చిన సంకర విత్తనాలు పార్వతీ లోయ వంటి చోట్ల స్థానిక రకాలతో కలిసిపోతే, కోల్పోయిన రకాన్ని ఏ ప్రయోగశాలా తిరిగి ఇవ్వలేదు. 2002 నాటి జీవ వైవిధ్య చట్టం ప్రకారం విదేశీయులు మన జీవ వనరులను తీసుకుపోవాలంటే జాతీయ ప్రాధికార సంస్థ అనుమతి పొందాలి. ప్రయోజనంలో స్థానికులకు వాటా దక్కాలి. కాని లెక్కలోకి ఎక్కని విత్తనానికి వాటా కోరేదెవరు?

అందువల్ల పాలంపూర్, నౌణీ పరిశోధకుల ముందున్న పని మత్తు తగ్గిన ఒక రకాన్ని విడుదల చేయడంతో ముగిసేది కాదు. ఏ ఊరి గింజ ఏ గుణం కలదో నమోదు చేయాలి. రైతు గుమ్మం దగ్గరే పరీక్ష జరిగే ఏర్పాటు కావాలి. కట్టుతప్పిన పుప్పొడి వల్ల గీత దాటిన చేనుకు శిక్షకు బదులు పరిహారం ఇవ్వడం గురించి ప్రభుత్వం ఆలోచించాలి. లేనిపక్షంలో పరిమళం కంపెనీలకు, ప్రమాదం కొండ రైతుకు మిగులుతాయి.