పాత కారు ట్రాఫిక్‌లో హీటెక్కుతోందా? రేడియేటర్ ఫ్యాన్ మార్చేముందు ఈ 6 చెక్ చేసుకోండి

కోట: హైవే మీద 80 స్పీడ్‌లో వెళ్తున్నంతసేపు ఏ ఇబ్బందీ ఉండదు. గూడూరు ఊళ్లోకి వచ్చి ట్రాఫిక్‌లో పది నిమిషాలు ఆగితే చాలు.. టెంపరేచర్ ముల్లు పైకి లేస్తుంది. ఏసీ గాలి వెచ్చబడుతుంది. ఇంకాసేపటికి బానెట్ కింద నుంచి ఆవిరి! పాత మారుతి 800, జెన్, ఆల్టో, శాంత్రో, ఇండికా నడిపేవాళ్లలో చాలామందికి ఇది తెలిసిన కథే.

షెడ్డుకు తీసుకెళ్తే "ఫ్యాన్ పోయింది, కొత్తది వేయాలి" అనే మాట వినిపిస్తుంది. ఒక్కోసారి అది నిజమే. కానీ చాలాసార్లు ఫ్యాన్ బాగానే ఉంటుంది. దానికి కరెంటు తీసుకెళ్లే దారిలో చిన్న ఫ్యూజో, రిలేనో, తుప్పు పట్టిన ఎర్త్ వైరో మొరాయిస్తుంది. ఏది పోయిందో ఇంట్లోనే ఎలా తెలుసుకోవాలో చూద్దాం.

అసలు ఈ ఫ్యాన్ పనేంటి?

అంబాసిడర్ లాంటి పాత బండ్లలో ఇంజిన్ నిలువుగా ఉండేది. బెల్టుతో ఫ్యాన్ తిరిగేది. ఇంజిన్ ఆన్‌లో ఉంటే ఫ్యాన్ కూడా తిరగాల్సిందే. 1983లో వచ్చిన మారుతి 800 నుంచి చిన్న కార్లలో ఇంజిన్‌ను అడ్డంగా బిగించారు. రేడియేటర్ ముందుంటే, ఇంజిన్ బెల్టు పక్కకు పోయింది. అందుకే వీటిలో ఫ్యాన్‌కు విడిగా కరెంటు మోటారు పెట్టారు.

ఇది ఎప్పుడూ తిరగదు. కూలెంట్ వేడి సుమారు 90 నుంచి 100 డిగ్రీల మధ్యకు చేరినప్పుడు ఆన్ అవుతుంది, కొన్ని డిగ్రీలు తగ్గగానే ఆగిపోతుంది. కచ్చితమైన లెక్క కారును బట్టి మారుతుంది. సింగిల్ ఫ్యాన్ ఉన్న చాలా కార్లలో ఏసీ వేసినా ఫ్యాన్ తిరుగుతుంది.

ఎప్పుడు హీటెక్కుతోంది? సగం జవాబు ఇక్కడే ఉంది

బండి ఆగినప్పుడు ముల్లు పైకి పోయి, కదలగానే కిందికి దిగుతోందా? అయితే అనుమానం ఫ్యాన్ మీదే. ఎందుకంటే బండి పరిగెత్తేటప్పుడు ఎదురుగాలే రేడియేటర్‌ను చల్లబరుస్తుంది.

హైవే మీద స్పీడ్‌లో కూడా హీటెక్కుతుంటే మాత్రం ఫ్యాన్‌ను వదిలేయండి. కూలెంట్ తగ్గడం, రేడియేటర్ పూడిపోవడం, థర్మోస్టాట్ మూసుకుపోవడం, వాటర్ పంపు పాడవడం.. వీటిలో ఏదో ఒకటి అయ్యుంటుంది. ఈ తేడా తెలియక కొత్త ఫ్యాన్ వేయించుకుని, వారం తర్వాత మళ్లీ అదే షెడ్డుకు వెళ్లేవాళ్లు ఉన్నారు.

ముందు ఈ జాగ్రత్తలు

వేడి మీద రేడియేటర్ మూత తీయొద్దు. లోపల ప్రెషర్ వల్ల కూలెంట్ 100 డిగ్రీలు దాటినా మరగకుండా ఉంటుంది. మూత తీయగానే ప్రెషర్ పోయి, ఒక్కసారిగా ఆవిరై మొహం మీదికి తన్నుతుంది. కాలిన గాయాలు మామూలుగా ఉండవు.

ఫ్యాన్ రెక్కల దగ్గర చెయ్యి పెట్టాలంటే బ్యాటరీ నెగటివ్ వైరు తీసేయండి. కొన్ని కార్లలో తాళం తీసేసినా ఫ్యాన్ దానంతట అదే ఆన్ అవుతుంది. మెడలో టవల్, చున్నీ, వదులు చొక్కా చేతులు దగ్గరికి రానివ్వొద్దు.

ఇక చెకింగ్ మొదలుపెట్టండి

1. కూలెంట్ చూడండి: ఉదయాన్నే ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు మూత తీసి చూడండి. డబ్బాలో ఉందంటే రేడియేటర్‌లో కూడా ఉన్నట్టు కాదు. కూలెంట్ బాగా తగ్గితే వేడిని కనిపెట్టే స్విచ్ కూలెంట్‌లో మునగకుండా ఖాళీలో ఉండిపోతుంది. ఇంజిన్ కాగిపోతున్నా దానికి ఆ సంగతి తెలియదు, ఫ్యాన్ ఆన్ అవదు. ఇక్కడ తప్పు ఫ్యాన్‌ది కాదు, లీకేజీది.

2. ఏసీ వేసి చూడండి: ఇంజిన్ స్టార్ట్ చేసి ఏసీ ఆన్ చేయండి. ఫ్యాన్ తిరిగిందంటే మోటారు బాగున్నట్టే. అప్పుడు అనుమానం థర్మో స్విచ్ లేదా సెన్సార్ మీద. ఏసీ వేసినా కదలకపోతే ఫ్యూజ్ దగ్గర నుంచి వెతకాలి. ఏసీకి విడిగా ఇంకో ఫ్యాన్ ఉన్న కార్లకు మాత్రం ఈ టెస్టు పనికిరాదు.

3. ఫ్యూజ్, రిలే: ఫ్యూజ్ బాక్స్ మూత మీద ఏది దేనిదో బొమ్మ ఉంటుంది. ఫ్యాన్ ఫ్యూజ్ కాలిపోతే అదే ఆంపియర్లది వేయండి. వెంటనే మళ్లీ పోయిందంటే మోటారు బిగుసుకుపోయిందనో, వైరు షార్ట్ అయిందనో అర్థం. పెద్ద ఫ్యూజ్ వేస్తే వైరింగే కాలుతుంది. రిలేను పక్కనే ఉన్న అదే నంబర్ రిలేతో మార్చి చూడండి. రూపాయి ఖర్చు లేని టెస్టు ఇది.

4. మోటారుకు నేరుగా కరెంటు: ఫ్యాన్ ప్లగ్ ఊడదీసి, బ్యాటరీ నుంచి మధ్యలో ఫ్యూజ్ ఉన్న వైరుతో ప్లస్, మైనస్ సరిగ్గా చూసి ఇవ్వండి. జోరుగా తిరిగితే మోటారు ఓకే. నత్తనడక నడిచినా, చిన్నగా తట్టితే గానీ తిరగకపోయినా లోపల కార్బన్ బ్రష్‌లు అరిగాయని అర్థం. ఇలాంటి మోటారు ఈరోజు తిరుగుతుంది, రేపు నడిరోడ్డులో ఆగిపోతుంది.

5. స్విచ్, సెన్సార్: కార్బొరేటర్ కాలం కార్లలో రేడియేటర్ దగ్గరో, ఇంజిన్ మీదో రెండు వైర్ల థర్మో స్విచ్ ఉంటుంది. ఇగ్నిషన్ ఆన్ చేసి, దాని ప్లగ్ తీసి, రెండు పిన్నులనూ చిన్న వైరుతో కలపండి. ఫ్యాన్ తిరిగితే స్విచ్ పోయినట్టే. ఎంపీఎఫ్‌ఐ కార్లలో ఇలా చేయొద్దు. వాటిలో ఫ్యాన్‌ను నడిపేది కంప్యూటర్. సెన్సార్ ప్లగ్ తీసేస్తే చాలా కార్లలో కంప్యూటర్ జాగ్రత్త కోసం ఫ్యాన్‌ను తనే ఆన్ చేస్తుంది. అప్పుడు చెక్ ఇంజిన్ లైటు వెలుగుతుంది, కంగారు పడక్కర్లేదు. ఫ్యాన్ తిరిగిందంటే రిలే, వైరింగ్ బాగున్నాయి, సెన్సార్‌ను అనుమానించాలి.

6. ప్లగ్‌లు, ఎర్త్ వైరు: ఇక్కడే చాలామంది మోసపోతారు. ప్లగ్ ఊడదీసి మీటర్ పెడితే 12 వోల్టులు చూపిస్తుంది. బిగించగానే ఫ్యాన్ తిరగదు. తుప్పు పట్టిన వైరు మీటర్‌కు చాలినంత కరెంటు ఇస్తుంది, పది ఆంపియర్లకు పైగా లాగే మోటారుకు ఇవ్వలేదు. అందుకే ప్లగ్ బిగించి, ఫ్యాన్‌కు కరెంటు ఇస్తూనే మోటారు ఎర్త్ వైరుకూ బ్యాటరీ నెగటివ్‌కూ మధ్య మీటర్ పెట్టండి. అర వోల్టు కంటే ఎక్కువ చూపిస్తే ఎర్త్ పాయింట్ గీకి, బోల్టు గట్టిగా బిగించాలి.

తీరం ఊళ్లలో ఈ బాధ ఎక్కువ

కోట, వాకాడు వైపు సముద్రపు గాలిలో ఉప్పు, తేమ రెండూ ఉంటాయి. రొయ్యల గుంటల గట్ల మీద తిరిగే బండ్లకు బురద అదనం. ప్లగ్‌లలోని రాగి పచ్చగా పూస్తుంది, ఎర్త్ బోల్టులు తుప్పుపడతాయి, రేడియేటర్ రేకులు పొడి పొడిగా రాలిపోతాయి. ఆరు నెలలకోసారి ఫ్యాన్ ప్లగ్ విప్పి, కాంటాక్ట్ క్లీనర్ కొట్టి బిగిస్తే బండికి చాలా మేలు. చాలాచోట్ల బోరు నీళ్లు ఉప్పగా ఉంటాయి. వాటిని రేడియేటర్‌లో పోస్తే లోపల గార కట్టి దారులు మూసుకుపోతాయి. డిస్టిల్డ్ వాటర్‌లో కలిపిన కూలెంటే పోయాలి.

డైరెక్ట్ చేయించేస్తే పోలా?

రిలే, స్విచ్ ఏమీ లేకుండా ఫ్యాన్‌ను ఇగ్నిషన్‌కు డైరెక్ట్ చేయడం మన దగ్గర మామూలే. దారిలో ఆగిపోయినప్పుడు ఇల్లు చేరడానికి, అదీ ఫ్యూజ్ పెట్టి, సరే. అలాగే వదిలేస్తే మాత్రం ఆ బరువంతా ఇగ్నిషన్ స్విచ్ మీద పడుతుంది, వైరు కరిగి మంట లేవొచ్చు. మోటారు కూడా తొందరగా అరుగుతుంది. థర్మోస్టాట్ పీకేయించడం కూడా ఇలాంటిదే. ఇంజిన్ సరైన వేడికి రాక మైలేజీ పడిపోతుంది, అసలు జబ్బు అలాగే ఉంటుంది.

కొత్త మోటారు వేయించుకుంటే గాలి ఎటు పోతోందో చూసుకోండి. వైర్లు తారుమారైతే ఫ్యాన్ తిరుగుతుంది కానీ వెనక్కి తిరుగుతుంది. ఫ్యాన్ రేడియేటర్ వెనుక ఉన్న కారులో గ్రిల్ ముందు కాగితం పెడితే లోపలికి లాక్కోవాలి. బయటికి తోస్తే వైర్లు మార్చాల్సిందే.

నడిరోడ్డు మీద ముల్లు ఎరుపుకు వస్తే..

ముల్లు పైకి లేస్తుండగానే ఏసీ ఆపేయండి. హీటర్ ఉంటే ఫుల్‌గా పెట్టి, బ్లోయర్ గట్టిగా తిప్పి, అద్దాలు దించండి. రోహిణి కార్తె ఎండలో అది నరకమే, కానీ ఇంజిన్‌లోని వేడి కొంత బయటికి పోతుంది. ముల్లు ఎరుపుకు చేరితే ఇక ఆలోచించొద్దు. బండి పక్కకు తీసి ఇంజిన్ ఆపండి, పిల్లల్నీ పెద్దవాళ్లనీ దించి నీడకు పంపండి. కనీసం అరగంట మూత జోలికి వెళ్లొద్దు. కాగుతున్న ఇంజిన్ మీద చన్నీళ్లు గుమ్మరించొద్దు, హెడ్ పగలొచ్చు.

"ఇంకో రెండు కిలోమీటర్లేగా" అని అలాగే లాగితే అల్యూమినియం హెడ్ వంగుతుంది, గాస్కెట్ పోతుంది. అప్పుడు ఇంజిన్ విప్పాల్సిందే. ఆ బిల్లు పాత కారు రేటుతో పోటీ పడుతుంది. చిన్న ఫ్యూజ్ దగ్గర తీరే పనిని అంతదాకా తెచ్చుకోకుండా, ఎండలు ముదరకముందే ఓ ఆదివారం ఉదయం ఈ ఆరూ చూసుకోండి. వైరింగ్ పని చేతకాకపోతే మొదటి మూడు మీరు చూసుకుని, మిగతావి తెలిసిన ఆటో ఎలక్ట్రీషియన్‌కు అప్పగించండి.