గేటు దాటాకే అసలు చికిత్స

మద్యానికో మత్తుమందుకో బానిసైన మనిషిని ఒక కేంద్రంలో ఉంచి చేసే చికిత్స ఏ దేశంలోనైనా దాదాపు ఒకే వరుసలో నడుస్తుంది. ముందు, మత్తు ఆపినప్పుడు శరీరం పడే బాధను మందులతో దాటిస్తారు. తర్వాత కొన్ని వారాలో నెలలో లోపలే ఉంచి నిద్ర, తిండి, పని, మాట అన్నీ మళ్లీ గాడిలో పెడతారు. ఆ పైన పగలు పనికి పంపి రాత్రికి వెనక్కి రప్పించే సగం స్వేచ్ఛ. చివరికి సొంత బతుకు. మెట్టు మెట్టుకూ కాపలా తగ్గుతూ బాధ్యత పెరుగుతుంది. మన దేశంలో మొదటి రెండు మెట్లకు కేంద్రాలు ఉన్నాయి. మూడోది చాలా ఊళ్లలో అసలు లేదు. డిశ్చార్జ్ కాగితం తీసుకున్న మనిషి నేరుగా పాత వీధిలోకి, పాత స్నేహితుల మధ్యకు వచ్చిపడతాడు. తిరిగి తాగుడు మొదలుపెట్టేవాళ్లలో ఎక్కువమంది కేంద్రం నుంచి వచ్చిన తొలి నెలల్లోనే ఆ పని చేస్తారు.

మొదటి దశను వాడుకలో డీటాక్స్ అంటారు. ఒంట్లోని విషాన్ని కడిగేయడం అనుకుంటారు కానీ సమస్య మెదడుది. మద్యం మెదడును మందగింపజేస్తుంది. ఏళ్ల తరబడి రోజూ తాగేవాడి మెదడు ఆ మందగింపును తట్టుకోవడానికి తన వేగం పెంచుకుని ఉంటుంది. మందు ఉన్నట్టుండి ఆగిపోతే ఆ పెరిగిన వేగం మాత్రం అలాగే ఉండిపోతుంది. చివరి గుక్క దిగిన ఆరేడు గంటలకే చేతుల వణుకు, చెమటలు, వాంతులు మొదలవుతాయి. మొదటి రెండు రోజుల్లో ఫిట్స్ రావచ్చు. రెండు నుంచి నాలుగు రోజుల మధ్య కొందరికి మతి తప్పుతుంది: గోడల మీద పురుగులు పాకుతున్నట్టు, ఎవరో పేరు పెట్టి పిలుస్తున్నట్టు అనిపిస్తుంది. డెలీరియం ట్రెమెన్స్ అనే ఈ స్థితిలో వైద్యం అందకపోతే ప్రాణం పోవచ్చు. గదిలో పెట్టి తాళం వేస్తే వాడే మానేస్తాడన్న మొండి వైద్యం అందుకే ప్రమాదకరం.

ఆసుపత్రిలో క్లోర్‌డయాజిపాక్సైడ్ వంటి మందును తగిన మోతాదులో మొదలుపెట్టి రోజురోజుకూ తగ్గించుకుంటూ వస్తారు. కాలేయం బాగా దెబ్బతిన్నవాళ్లకు లోరాజిపామ్ ఎంచుకుంటారు. దీనితోపాటు బీ1 విటమిన్, అంటే థయమిన్, ఇంజెక్షన్‌గా ఇస్తారు. తాగుడు వల్ల సరిగా తినక ఈ విటమిన్ అడుగంటిన మనిషికి, నీరసంగా ఉన్నాడని ముందుగా గ్లూకోజ్ సీసా ఎక్కిస్తే మెదడు దెబ్బతినే అవకాశం ఉంది. ఏ జబ్బుకైనా ఒక సీసా ఎక్కించుకుంటే ఓపిక వస్తుందని నమ్మే మన ఊళ్లలో ఈ సంగతి గట్టిగా చెప్పవలసిందే.

తెలంగాణలో ఈ దశకు ఇంకో చిక్కు కూడా ఉంది. కల్తీ కల్లులో అల్ప్రాజోలం, డయాజిపామ్, క్లోరల్ హైడ్రేట్ వంటి మత్తుమందులు కలుపుతారు. తాగేవాళ్లు తాము కల్లుకే అలవాటుపడ్డామనుకుంటారు కానీ వాళ్ల శరీరం ఆ మందులకు అలవాటుపడి ఉంటుంది. అవి ఆగితే ఫిట్స్, పిచ్చి చూపులు, పొంతన లేని మాటలు. 2020 మార్చిలో లాక్‌డౌన్‌తో వైన్ షాపులు, కల్లు కాంపౌండ్లు ఒక్కసారిగా మూతపడినప్పుడు హైదరాబాద్ ఎర్రగడ్డ మానసిక చికిత్సాలయానికి ఇలాంటి రోగులు వరస కట్టారు. హెరాయిన్ వంటి నల్లమందు జాతి మత్తుల సంగతి వేరు. వాటిని ఆపినప్పుడు ఒళ్లు విరిగిపోయేంత బాధ ఉంటుంది కానీ ప్రాణాపాయం అరుదు. అసలు ముప్పు ఆ తర్వాత పొంచి ఉంటుంది. కొన్ని వారాలు మానేసిన శరీరం పాత మోతాదును తట్టుకునే శక్తి పోగొట్టుకుంటుంది. బయటికొచ్చి ఒక్కసారే కదా అని మునుపటంత తీసుకుంటే ఊపిరి ఆగిపోవచ్చు.

మద్యం విషయంలో ఈ దశ సాధారణంగా వారం, పది రోజుల్లో ముగుస్తుంది. ముఖంలో కళ వస్తుంది, ఆకలి పుడుతుంది. ఇంట్లోవాళ్లు బాగైపోయాడనుకుని తీసుకెళ్లిపోతామంటారు. నిజానికి అప్పటికి జరిగింది శరీరాన్ని సిద్ధం చేయడమే.

రెండో దశ నెల నుంచి మూడు నెలల దాకా ఉంటుంది. కేంద్ర సామాజిక న్యాయ మంత్రిత్వ శాఖ సాయంతో స్వచ్ఛంద సంస్థలు నడిపే పునరావాస కేంద్రాలు, మానసిక వైద్యశాలల్లోని డీ-అడిక్షన్ వార్డులు, ప్రైవేటు సెంటర్లు ఈ పని చేస్తాయి. తాగుడు వల్ల భర్తను పోగొట్టుకున్న శాంతి రంగనాథన్ 1980లో చెన్నైలో మొదలుపెట్టిన సంస్థ దేశంలో ఈ రకం చికిత్సకు దారి చూపినవాటిలో ఒకటి. భార్యకు, తల్లిదండ్రులకు కూడా విడిగా తరగతులు నడపాలన్నది ఆ సంస్థ పద్ధతిలో ముఖ్యమైన భాగం. తాగేది ఒక్కడే అయినా ఇల్లంతా ఆ తాగుడు చుట్టూ తిరగడానికి అలవాటుపడి ఉంటుంది: అప్పులు తీర్చడం, ఆఫీసుకు అబద్ధాలు చెప్పడం, సీసాలు వెతికి పారబోయడం. అతను మారి వచ్చినా ఇల్లు పాత తీరునే ఉంటే కొత్త మనిషికి అక్కడ చోటు దొరకదు.

ఈ దశలో రోజంతా గంటల లెక్కన నడుస్తుంది. ఒకే వేళకు లేవడం, ఎవరి పక్క వాళ్లు సర్దుకోవడం, వంతులవారీగా వంట సాయం, గ్రూపులో కూర్చుని ఎవరి కథ వాళ్లు దాచకుండా చెప్పడం, విడిగా కౌన్సెలింగ్. 1935లో అమెరికాలోని ఆక్రన్‌లో ఇద్దరు తాగుబోతుల కలయికతో పుట్టిన ఆల్కహాలిక్స్ ఎనానిమస్ మీటింగులకు చాలా కేంద్రాలు ఇక్కడే అలవాటు చేస్తాయి. ఏ పరిస్థితిలో నాలుక పీకుతుందో ఎవరికి వాళ్లు గుర్తుపట్టడమే ఈ నెలల్లో నేర్చుకునే అసలు విద్య. ఒకరికి జీతం రోజు, ఒకరికి గొడవ, ఇంకొకరికి ఆదివారం మటన్ కూర.

ఇంత చేసినా లోపలి మానడం వేరు, బయటి మానడం వేరు. తెలుగువాళ్లకు ఇది అయ్యప్ప మాల వల్ల బాగా తెలిసిన సంగతే. రోజూ తాగేవాడు సైతం నలభై ఒక్క రోజులు చుక్క ముట్టడు. నల్ల బట్టలు, తెల్లవారుజామున చన్నీళ్లు, ఎదురైన ప్రతివాడూ స్వామీ అని పిలవడం, అన్నీ కలిసి అతన్ని నిలబెడతాయి. మాల తీసిన మర్నాడే సీసా తెరిచేవాళ్లు ఎందరో. వాళ్ల భక్తిలో లోటు లేదు. నిలబెట్టిన ఏర్పాటు మాలతోపాటే పోయింది. అమెరికా మానసిక వైద్యుల సంఘం 2013లో వెలువరించిన రోగనిర్ధారణ గ్రంథం ఐదో కూర్పు కూడా ఈ తేడాను పట్టించుకుంది. మూడు నెలలు వ్యసన లక్షణాలు లేకపోతే తొలి ఉపశమనం, ఏడాది దాటితే నిలకడైన ఉపశమనం అని రాస్తారు. అయితే ఆ మనిషి మత్తు దొరకని కట్టడి చోట ఉంటే ఆ మాట పక్కన చేర్చి మరీ నమోదు చేయాలి.

అందుకే మంచి కేంద్రాలు కట్టడిని ఒక్కసారిగా తీసేయవు. మొదటి వారం ఫోన్ ఉండదు. తర్వాత ఇంటివాళ్ల పలకరింపు, ఆపైన తోడుతో బజారుకు, ఒంటరిగా ఒక పూట, ఇంట్లో రెండు రాత్రులు. వెనక్కి వచ్చాక ఏం జరిగిందో మాట్లాడుకుంటారు, అవసరమైతే మూత్ర పరీక్ష చేస్తారు. డబ్బు కూడా ఇదే తీరు. ఒకప్పుడు జేబు ఖాళీగా ఉంచితే సరిపోయేది, ఇప్పుడు బ్యాంకంతా ఫోన్లోనే ఉంది. కాబట్టి ఫోన్ తిరిగి ఇవ్వడమే ఒక మెట్టు.

మెట్లు ఎక్కించే అధికారం ఎవరి చేతిలో ఉందన్నది చిన్న ప్రశ్న కాదు. 1958లో కాలిఫోర్నియాలో చార్లెస్ డెడెరిక్ ప్రారంభించిన సైననాన్, బాధితులే ఒకరినొకరు బాగుచేసుకునే సమాజంగా గొప్ప పేరు తెచ్చుకుంది. చాలా దేశాల్లోని దీర్ఘకాల కేంద్రాలకు మూలం అదే. ఇరవై ఏళ్లు తిరిగేసరికి అది నాయకుడి మాట జవదాటని ముఠాగా మారింది. 1978లో తమపై కేసు గెలిచిన లాయరు ఇంటి ఉత్తరాల పెట్టెలో గిలక పామును పెట్టేదాకా పోయింది. మన దగ్గరా ఫోన్ చేస్తే బండేసుకొచ్చి మనిషిని ఎత్తుకెళ్లేవి, మాట వినకపోతే కొట్టేవి అయిన కేంద్రాలు ఉన్నాయి. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం మద్యం, మత్తుమందుల వల్ల వచ్చే మానసిక స్థితులను కూడా తన పరిధిలోకి తెచ్చింది. దాని ప్రకారం ఇలాంటి చికిత్స చేసే సంస్థ రిజిస్టరై ఉండాలి, రోగిని ఏ రూపంలోనూ గొలుసులతో కట్టకూడదు. సమాజంలో బతికే హక్కును గుర్తిస్తూ, సగం దారి ఇళ్ల వంటి వసతులు ప్రభుత్వాలు కల్పించాలనీ అదే చట్టం చెప్పింది. ఆచరణలో ఆ మాట చాలా వెనకబడి ఉంది.

ఆ సగం దారి ఇంటినే ఇంగ్లిష్‌లో హాఫ్‌వే హోమ్ అంటున్నారు. పగలు ఉద్యోగం, సాయంత్రం మీటింగు, రాత్రి అక్కడే పడక. వంట, అద్దె, పొదుపు, ఖాళీ సాయంత్రాన్ని మందు లేకుండా గడపడం వంటి మరిచిపోయిన పనులు ఇక్కడ మళ్లీ చేతికి వస్తాయి. దీనికీ ఒక లోపం ఉంది. గడువు పూర్తవగానే ఖాళీ చేయాలి.

ఆ లోపంలోంచి పుట్టిందే అమెరికాలోని ఆక్స్‌ఫర్డ్ హౌస్. 1975లో మేరీలాండ్ రాష్ట్రం సిల్వర్ స్ప్రింగ్‌లో స్థానిక ప్రభుత్వం నడిపే ఒక హాఫ్‌వే హోమ్ డబ్బు లేక మూతపడబోయింది. అక్కడ ఉంటున్న పాల్ మొలోయ్, మిగతావాళ్లు ఆ ఇంటిని తామే అద్దెకు తీసుకున్నారు. గడువు తీరి బయటికి పంపినవాళ్లు ఎక్కువగా తిరిగి తాగడం వాళ్లు కళ్లారా చూశారు. అందుకని ఎన్నాళ్లుండాలన్న గడువే పెట్టుకోలేదు. వార్డెన్ ఉండడు, జీతగాళ్లు ఉండరు. అద్దె, కరెంటు బిల్లు అందరూ పంచుకుంటారు. పదవులకు ఆరునెలలకోసారి ఎన్నిక. కొత్తవారు చేరాలంటే ఉన్నవారిలో 80 శాతం మంది ఒప్పుకోవాలి. తిరిగి తాగినవారు వెంటనే ఇల్లు వదలాలి. ఇళ్లన్నీ మామూలు కాలనీల్లోనే ఉంటాయి.

1988లో అమెరికా ప్రభుత్వం ఇలాంటి ఇళ్లకు నాలుగు వేల డాలర్ల వరకూ అప్పు ఇచ్చే నిధి పెట్టించింది. ఇప్పుడు ఆ ఇళ్లు మూడు వేలు దాటాయి. కాలనీవాళ్లు ఊరుకోలేదు. వాషింగ్టన్ రాష్ట్రంలోని ఎడ్మండ్స్ పట్టణం, ఒకే కుటుంబం ఉండాల్సిన ఇంట్లో బంధుత్వం లేనివాళ్లు ఐదుగురికి మించకూడదన్న నియమం చూపించి అడ్డుపడింది. ఆ నియమానికి గృహవసతి వివక్ష చట్టం నుంచి మినహాయింపు లేదని 1995లో అమెరికా సుప్రీంకోర్టు తేల్చింది. డీపాల్ విశ్వవిద్యాలయానికి చెందిన లియోనార్డ్ జేసన్ బృందం 2006లో ప్రచురించిన అధ్యయనం ఇంకా విలువైనది. చికిత్స ముగించిన 150 మందిని లాటరీ పద్ధతిలో రెండు జట్లు చేసి, ఒక జట్టును ఈ ఇళ్లకు, రెండో జట్టును మామూలు దారిన పంపారు. రెండేళ్ల తర్వాత మత్తు వాడుతున్నవాళ్లు మొదటి జట్టులో సుమారు 31 శాతం, రెండో జట్టులో 65 శాతం. నెల సంపాదన మొదటి జట్టుకు రెట్టింపు పైనే ఉంది. డాక్టరూ లేని, మందూ లేని ఒక అద్దె ఇల్లు సాధించిన ఫలితం ఇది.

మన దగ్గర ఆ ఇంటి పని కుటుంబమే చేస్తోంది. దీనిలో బలమూ ఉంది, బరువూ ఉంది. ఆదుకునేవాళ్లు ఉన్నారు. కానీ పాత గాయాలూ వాళ్లవే, అనుమానమూ వాళ్లదే. గంట ఆలస్యమైతే నోరు వాసన చూసే ఇంట్లో మనిషి నిలదొక్కుకోవడం కష్టం. వీధి చివర బెల్టు షాపు, పెళ్లిలో కనీసం బీరైనా పుచ్చుకోమని పట్టుబట్టే బావమరిది ఉండనే ఉంటారు. కేంద్రం నుంచి రాకముందే కొన్ని విషయాలు మాట్లాడుకోవడం మేలు: జీతం ఎవరి ఖాతాలో పడాలి, మొదటి ఆరు నెలలు ఏ ఫంక్షన్లకు వెళ్లకూడదు, నాలుక పీకినప్పుడు ఎవరికి ఫోన్ చేయాలి, డాక్టరు దగ్గరికి ఎప్పుడెప్పుడు వెళ్లాలి. నాల్‌ట్రెక్సోన్, అకాంప్రోసేట్ వంటి మందులు కోరికను తగ్గిస్తాయి. డైసల్ఫిరామ్ పని వేరు. అది ఒంట్లో ఉండగా తాగితే ముఖం ఎర్రబారి, గుండె దడదడలాడి, బీపీ పడిపోతుంది. మింగే మనిషికి తెలిసి, అతని ఒప్పుదలతో వాడితే అది రక్ష. చెప్పకుండా కూరలో కలిపి పెడితే ప్రాణం మీదికి వస్తుంది. కొన్ని ఇళ్లలో ఇప్పటికీ ఆ పని చేస్తున్నారు.

ఇదంతా చికిత్స దాకా వచ్చినవాళ్ల సంగతి. ఎయిమ్స్ ఆధ్వర్యంలో జరిగి 2019లో వెలువడిన జాతీయ సర్వే ప్రకారం, మద్యానికి బానిసైనవారిలో 38 మందిలో ఒకరికే ఏదో ఒక చికిత్స అందుతోంది. ఆసుపత్రిలో చేరి చికిత్స పొందినవారు 180 మందిలో ఒకరు. ఎక్కడికి వెళ్లాలో తెలియనివారికి జాతీయ హెల్ప్‌లైన్ నంబరు 14446 ఉంది. డబ్బు కట్టనక్కర్లేదు.

మళ్లీ తాగితే ఏమిటన్న ప్రశ్నకు జవాబు, ఎంత తాగాడన్నదాని మీద ఉంటుంది. ఒక పూట జారినవాణ్ని తిరిగి మొదటి మెట్టుకు తోయనక్కర్లేదు. రెండు రోజుల్లో కౌన్సెలర్ దగ్గరికి వెళ్లి, ఏ గంటలో ఎక్కడ తప్పిందో చూసుకుంటే చాలాసార్లు సరిపోతుంది. ఎటూ తాగేశాను, ఇక ఇంతే అన్న నిస్పృహ మొదటి గ్లాసు కన్నా ఎక్కువ నష్టం చేస్తుందని వ్యసన మనస్తత్వ శాస్త్రజ్ఞుడు అలన్ మార్లట్ 1980లలో వివరించాడు. వారాల తరబడి రోజూ తాగి, మానితే వణుకు వచ్చే స్థితికి చేరితే మాత్రం ఇంట్లో ప్రయత్నించకూడదు. మళ్లీ ఆసుపత్రిలో డీటాక్స్‌తోనే మొదలుపెట్టాలి. ఈసారి డిశ్చార్జ్ తేదీకి ముందే, బయటికొచ్చాక అతను ఎక్కడ ఉండాలో నిర్ణయించుకోవాలి.