సీఆర్‌పీ పెరిగితే క్యాన్సర్ తిరిగొచ్చినట్టేనా?

మొన్న ఓపీలో ఒకబ్బాయి వాళ్ల నాన్నగారిని బయట బెంచీ మీదే కూర్చోబెట్టి, ఫైలు పట్టుకుని ఒక్కడే లోపలికి వచ్చాడు. ఆయనకు ఏడాది కిందట పెద్దపేగు క్యాన్సర్‌కు ఆపరేషన్ అయింది. ఏదో హెల్త్ చెకప్ ప్యాకేజీలో సీఆర్‌పీ 38 వచ్చింది. అది ఎక్కువుంటే పేగు క్యాన్సర్ రోగులు ఎక్కువకాలం బతకరని ఫోన్‌లో చదివాడట. వారం రోజులుగా ఇంట్లో ఎవరికీ అన్నం సహించడం లేదు. నాన్నకు మాత్రం ఎవరూ చెప్పలేదు.

పెద్దాయన్ని లోపలికి పిలిచి నోరు తెరవమన్నాను. కింది దవడ పన్ను చుట్టూ చీము! రెండు వారాలుగా ఒక పక్కే నములుతున్నారట. పిల్లలను కంగారుపెట్టడం ఎందుకని ఆయనా చెప్పలేదు. పన్ను తీయించి, మందులు వాడాక మూడు వారాలకు సీఆర్‌పీ 4కు దిగింది.

మరి ఆ అబ్బాయి చదివింది అబద్ధమా అంటే, కాదు. సీఆర్‌పీ కాలేయం తయారుచేసే ప్రొటీన్. 1930లో న్యూమోనియా రోగుల రక్తంలో దీన్ని మొదట గుర్తించారు. ఒంట్లో ఎక్కడ వాపు, ఇన్‌ఫెక్షన్ ఉన్నా పెరుగుతుంది. క్యాన్సర్ గడ్డ కూడా కొందరిలో అలాంటి మంటనే రేపుతుంది. అప్పుడు సీఆర్‌పీ పెరిగి, అల్బుమిన్ తగ్గి, కండ కరుగుతుంది. స్కాట్లాండ్‌లోని గ్లాస్గో వైద్యులు ఈ రెండింటినీ కలిపి ఒక స్కోరు తయారుచేశారు. సీఆర్‌పీ లీటరుకు 10 మిల్లీగ్రాములు దాటితే ఒక మార్కు, దానితోపాటు అల్బుమిన్ డెసీలీటరుకు 3.5 గ్రాముల కంటే తగ్గితే రెండు. స్కోరు పెరిగేకొద్దీ దీర్ఘకాలిక ఫలితాలు తగ్గుతున్నట్టు తేలింది. (కొన్ని ల్యాబులు సీఆర్‌పీని డెసీలీటరు లెక్కలో ఇస్తాయి. అక్కడ 1 అంటే ఇక్కడ 10. యూనిట్ చూడకుండా హడలిపోయినవారిని చాలామందిని చూశాను.)

మామూలు సీబీపీలోనూ ఇలాంటి సూచన ఒకటుంది. న్యూట్రోఫిల్స్‌ను లింఫోసైట్లతో భాగించాలి. 78 శాతం, 13 శాతం ఉంటే నిష్పత్తి 6. ఇది ఎక్కువే. కానీ స్టెరాయిడ్లు వాడినా, జ్వరం వచ్చినా ఇదీ పెరుగుతుంది.

అసలు కిటుకు ఎప్పుడు పరీక్షించారన్నదే. ఈ స్కోరును ఎక్కువగా ఆపరేషన్‌కు ముందు లెక్కిస్తారు. ఆపరేషన్ తర్వాత రెండు మూడు రోజులకు సీఆర్‌పీ అందరిలోనూ బాగా పెరిగి, తర్వాత దిగుతుంది. మూడు నాలుగో రోజున కూడా 150 దాటి ఉంటే పేగు కుట్టిన చోట లీకైందేమోనని సర్జన్లు అప్రమత్తమవుతారు. ఏడాది తర్వాత విడిగా చేయించిన సీఆర్‌పీ క్యాన్సర్ తిరిగొచ్చిందో లేదో చెప్పదు. దానికి సీఈఏ, సీటీ స్కాన్, కొలనోస్కోపీ ఉన్నాయి. మొదటి రెండు మూడేళ్లు సీఈఏ మూడు నుంచి ఆరు నెలలకోసారి తప్పనిసరి. భవిష్యత్తును ఎక్కువగా నిర్ణయించేది ఇప్పటికీ స్టేజే. గడ్డ పేగు గోడలో ఎంత లోతుకు వెళ్లింది, ఎన్ని లింఫ్ గ్రంథులకు పాకింది అన్నవే ముందు చూడాలి.

ఆపరేషన్‌కు ముందు స్కోరు చెడుగా ఉందంటే మాకది హెచ్చరిక. రక్తహీనత సరిచేస్తాం, షుగర్ అదుపులోకి తెస్తాం, సిగరెట్ మాన్పిస్తాం, నడిపిస్తాం. అల్బుమిన్ తగ్గిందని రోజూ అరడజను గుడ్లు పెట్టేస్తుంటారు. తిండి అవసరమే గానీ, లోపలి మంట తగ్గనిదే గుడ్లొక్కటే దాన్ని పెంచలేవు. సీఆర్‌పీ తగ్గడానికని సొంతంగా నొప్పి మాత్రలు మింగడం మాత్రం ప్రమాదం. కడుపులో రక్తస్రావం, కిడ్నీ దెబ్బతినడం మా వార్డులో చూస్తూనే ఉంటాం.

వ్యాయామానికి మాత్రం గట్టి ఆధారమే ఉంది. ప్రధానంగా కెనడా, ఆస్ట్రేలియాల్లో 889 మంది పెద్దపేగు క్యాన్సర్ రోగులపై జరిగిన అధ్యయనం 2025లో వెలువడింది. ఆపరేషన్, కీమో తర్వాత మూడేళ్లు పద్ధతిగా వ్యాయామం చేయించిన వారిలో అయిదేళ్లకు క్యాన్సర్ లేకుండా ఉన్నవారు 80 శాతం. సలహా పుస్తకం మాత్రమే ఇచ్చినవారిలో 74.

పెద్దాయన ఇప్పుడు రోజూ సాయంత్రం నడుస్తున్నారు. వచ్చే నెల సీఈఏ ఉంది. ఈసారి రిపోర్టు ముందు తనకే చూపించాలని కొడుక్కి గట్టిగా చెప్పారు.