యాభై షాట్లు చెప్పేదెంత?

అమెరికా ప్రొఫెషనల్ ఫుట్‌బాల్ లీగు మేజర్ లీగ్ సాకర్ 2000లో మొట్టమొదటి ‘సూపర్‌డ్రాఫ్ట్’ జరిపింది. కాలేజీలో ఆడుతున్న కుర్రాళ్ళలో ఎవరు ఏ క్లబ్బుకు వెళ్తారో తేలే రోజది. అందరికంటే ముందు పిలిచిన పేరు స్టీవ్ షాక్. లాస్ ఏంజెలెస్‌లోని యూసీఎల్‌ఏ జట్టులో డిఫెండర్. నాలుగో పేరు కార్లోస్ బోకనేగ్రా. అతనూ యూసీఎల్‌ఏ డిఫెండరే. ఇద్దరూ ఒకే మైదానంలో, ఒకే చొక్కా వేసుకుని, ఒకే ప్రత్యర్థుల మీద ఆడారు. ఒకరిని చూడడానికి వెళ్ళిన స్కౌటు (క్లబ్బు కోసం ఆటగాళ్ళను వెతికే పరిశీలకుడు) రెండోవాణ్ణి చూడకుండా తిరిగి రాలేడు.

షాక్ ఆట ఆ లీగులో కొద్ది సీజన్లకే ముగిసింది. బోకనేగ్రా 2002లో, మళ్ళీ 2003లో లీగు ఉత్తమ డిఫెండర్ అయ్యాడు. తర్వాత ఇంగ్లండులో ఫుల్‌హామ్‌కు, ఆపైన ఫ్రాన్సు, స్కాట్లండ్ క్లబ్బులకు ఆడాడు. అమెరికా జాతీయ జట్టు తరఫున 110 మ్యాచ్‌లు ఆడి, 2010 ప్రపంచకప్‌లో కెప్టెన్‌గా నిలిచాడు.

ఈ కథ స్కౌట్లను తప్పుపట్టడానికి చెప్పడం లేదు. ఏళ్ళ తరబడి కళ్ళెదుట ఆడిన ఇద్దరిలో ఎవరు మెరుగో చెప్పడమే ఇంత కష్టమైతే, వేల మందిలోంచి పదుల మందిని ఏరడం ఎంత కష్టమో ఊహించండి. ఆ కష్టం వెనక గణితం ఉంది, శరీరశాస్త్రం ఉంది, మన కంటి పరిమితులూ ఉన్నాయి.

ముందు డ్రాఫ్ట్ అంటే ఏమిటో చెప్పుకోవాలి. మనకు అలవాటైనది ఐపీఎల్ వేలం. అక్కడ డబ్బు ఎక్కువ పెట్టినవాడిదే ఆటగాడు. డ్రాఫ్ట్‌లో పాట ఉండదు, వరస ఉంటుంది. మామూలుగా కిందటేడు అట్టడుగున ఉన్న జట్టు ముందు ఎంచుకుంటుంది, విజేత చివర్లో ఎంచుకుంటుంది. లీగులోకి కొత్తగా వచ్చిన జట్టుకు మొదటి అవకాశం ఇస్తారు. బలహీనుడికి బలం చేకూర్చాలన్నది ఉద్దేశం. అయితే ఆ వరస పనిచేయాలంటే ముందు ఎంచుకున్నవాడు నిజంగా మెరుగైనవాడు కావాలి.

కాలేజీ ఆటనే తీసుకోండి. అమెరికాలో కాలేజీ ఆటకు పై స్థాయి అయిన డివిజన్-1లో పురుషుల జట్లు సుమారు 200. సీజన్ ఆగస్టు చివర మొదలై డిసెంబరులో ముగుస్తుంది. ఆ మూడున్నర నెలల్లోనే ఇరవై మ్యాచ్‌ల దాకా ఇరికిస్తారు. వారానికి రెండు మ్యాచ్‌లు మామూలే. గడియారం 45 నుంచి సున్నాకు వెనక్కి నడుస్తుంది. అన్నిటికంటే ముఖ్యమైన తేడా సబ్‌స్టిట్యూట్ల విషయంలో ఉంది. ప్రొఫెషనల్ ఆటలో ఒకసారి బయటికి వెళ్ళినవాడు ఇక రాడు. కాలేజీలో రెండో సగంలో బయటికి వెళ్ళి, ఊపిరి తీసుకుని, మళ్ళీ ఒకసారి లోపలికి రావచ్చు. చిన్న నిబంధనే, కానీ అంచనా మొత్తాన్ని తారుమారు చేస్తుంది. ఎనభయ్యో నిమిషంలో ఓ కుర్రాడు గుర్రంలా పరిగెత్తుతుంటే అది అతని దమ్మో, పది నిమిషాల విశ్రాంతి ఇచ్చిన సత్తువో స్కోరుపట్టీ చూసి చెప్పలేం. రేపు అతను 34 మ్యాచ్‌ల లీగులో, వేసవి ఎండలో, తొంభై నిమిషాలూ నిలవాలి. ఒక ప్రొఫెషనల్ మిడ్‌ఫీల్డర్ మ్యాచ్‌కు 10 నుంచి 12 కిలోమీటర్లు తిరుగుతాడు. అందులో అసలు ప్రాణం తీసేది మొత్తం దూరం కాదు, ఆగి ఆగి మళ్ళీ మళ్ళీ తీయాల్సిన పరుగులు.

దాన్ని కొలవడానికి డెన్మార్క్ శాస్త్రవేత్త యెన్స్ బాంగ్స్‌బో రూపొందించినదే యో-యో పరీక్ష. మన క్రికెటర్ల పుణ్యమా అని ఆ పేరు ఇక్కడ అందరికీ తెలుసు. ఇరవై మీటర్ల దూరం వెళ్ళి రావడం, కాసేపు ఆగడం, బీప్ శబ్దం వేగం పెరిగేకొద్దీ పరుగు పెంచడం. గుండె, కండరం ఎంత త్వరగా కోలుకుంటాయో అది చెబుతుంది. బంతి వచ్చినప్పుడు ఆ కుర్రాడు ఏం చేస్తాడో మాత్రం చెప్పదు.

ఇక గోల్స్ సంగతి. పత్రికలు రాసేదీ, అవార్డులు చూసేదీ గోల్స్ సంఖ్యనే. ఆ సంఖ్యను ఎంత నమ్మవచ్చో కాగితం మీద ఒక లెక్క వేసి చూద్దాం.

200 జట్లు, జట్టుకో స్ట్రైకర్ అనుకుందాం. 200 మందికీ నేర్పు అచ్చంగా సమానం, వెంట్రుకవాసి తేడా లేదు. వంద షాట్లు కొడితే సగటున 11 గోల్స్ పడతాయి. సీజన్లో తలా 50 షాట్లు కొట్టారు. అంటే ఒక్కొక్కరికీ ఐదో ఆరో గోల్స్ రావాలి. కానీ సంభావ్యతా గణితం ప్రకారం వారిలో 18, 19 మంది తొమ్మిది లేదా అంతకంటే ఎక్కువ గోల్స్ కొడతారు. 37 మంది మూడో, అంతకంటే తక్కువో కొట్టి చతికిలబడతారు. నేర్పులో తేడా లేదని మనమే ముందు ఒప్పుకున్నాం కదా, మరి ఈ తేడా ఎక్కడిది? గోల్ స్తంభానికి తగిలి లోపలికి పోయిన బంతి, డిఫెండర్ మోకాలికి తగిలి దారి మళ్ళిన బంతి, జారిపడిన గోల్‌కీపర్. అదృష్టమంటే ఇవే. ఆ 19 మంది డ్రాఫ్ట్‌కు ముందు వార్తల్లో ఉంటారు. ఆ 37 మందిలో కొందరు ఆటే మానేస్తారు. ఈ లెక్క చేసిన ప్రతిసారీ నా మనసు ఆ 37 మంది దగ్గరే ఆగిపోతుంది.

నిజజీవితంలో నేర్పు అందరికీ సమానం కాదు, నిజమే. అయినా యాభై షాట్ల నమూనాలో నేర్పును అదృష్టం నుంచి పూర్తిగా విడదీయడం సాధ్యం కాదు. పందొమ్మిదో శతాబ్దంలో ఫ్రాన్సిస్ గాల్టన్ తల్లిదండ్రుల ఎత్తునూ పిల్లల ఎత్తునూ పోల్చి కనిపెట్టిన సూత్రమే ఇక్కడా పనిచేస్తుంది. మరీ పొడుగువాళ్ళ పిల్లలు సగటు వైపు జరిగినట్టే, ఒక ఏడాది మరీ మెరిసిన స్ట్రైకర్ మరుసటి ఏడాది సగటు వైపు జరుగుతాడు. అతనేమీ చెడిపోలేదు. తొలి ఏడాది అంకెలో కొంత గాలి ఉంది, అంతే.

అందుకే తెలివైన క్లబ్బులు గోల్స్‌ను పక్కనపెట్టి, షాట్ ఎక్కడి నుంచి వచ్చిందో చూస్తాయి. ప్రతి షాట్‌కూ దూరం, కోణం, కాలితోనా తలతోనా అన్నవాటిని బట్టి ఒక విలువ కడతారు. పెనాల్టీ విలువ 0.75, 0.8 మధ్య ఉంటుంది. ముప్ఫై గజాల నుంచి కొట్టిన షాట్‌కు వందలో రెండు మూడు పాళ్ళు. ఈ విలువలన్నీ కలిపితే వచ్చేదే ‘ఎక్స్‌పెక్టెడ్ గోల్స్’. బంతి వలలో పడటంలో అదృష్టం పాలు ఎక్కువ. గోల్ ముందు సరైన చోటికి పదే పదే చేరుకోవడంలో అది చాలా తక్కువ. అలా చేరుకునే గుణం ఏడాది మారినా, లీగు మారినా చాలావరకు ఆటగాడితోనే ఉంటుంది.

దీనికి క్రిస్ వాండలౌస్కీని మించిన సాక్ష్యం నాకు తెలియదు. కాలిఫోర్నియాలోని చికో స్టేట్‌లో ఆడాడు. అది డివిజన్-1 కూడా కాదు, డివిజన్-2. 2005లో అసలు డ్రాఫ్ట్ తర్వాత జరిగిన అనుబంధ ‘సప్లిమెంటల్ డ్రాఫ్ట్’లో 41వ పేరుగా శాన్ హోసే క్లబ్బు తీసుకుంది. వేగం పెద్దగా లేదు. తొలి ఏళ్ళన్నీ ఎక్కువగా బెంచి మీదే గడిచాయి. 2010లో 18 గోల్స్‌తో లీగులో అందరికంటే పైన నిలిచాడు, 2012లో 27 కొట్టాడు. డిఫెండర్ కన్ను బంతి వైపు తిరిగిన అర క్షణంలో వాడి వీపు వెనక్కి జారిపోవడం అతని విద్య. అదే మనిషి 2014 ప్రపంచకప్‌లో బెల్జియం మీద, అదనపు క్షణాల్లో, స్కోరు 0-0 ఉండగా గోల్ ముందు నిలబడి బంతిని పైకి తన్నేశాడు. చాలామందికి అతనంటే ఆ ఒక్క షాటే గుర్తు.

గోల్‌కీపర్లను అంచనా వేయడం ఇంకా కష్టం. మంచి జట్టు కీపర్‌కు మ్యాచ్‌లో రెండో మూడో షాట్లు వస్తాయి. సీజన్ మొత్తం కలిపినా చేతివేళ్ళ మీద లెక్కించే తప్పులే ఉంటాయి, వాటిలో ఒకటి వీడియోకెక్కితే చాలు. కనెటికట్‌లోని ఫెయిర్‌ఫీల్డ్ యూనివర్సిటీ కీపర్ మాట్ టర్నర్‌కు 2013లో అదే జరిగింది. ప్రత్యర్థి కొట్టిన బంతి పై అడ్డకర్రకు తగిలి నిలువునా పైకి లేచి కిందికి వచ్చింది. పట్టుకుందామని చేతులు చాచాడు, బంతి జారి అతని గోల్‌లోనే పడింది. దేశమంతా ఆ క్లిప్పు చూసి నవ్వింది. 2016 డ్రాఫ్ట్‌లో అతని పేరు ఎవరూ పిలవలేదు. న్యూ ఇంగ్లండ్ రెవల్యూషన్ క్లబ్బు పరీక్షించి చూసి చేర్చుకుంది. 2021లో లీగు ఉత్తమ గోల్‌కీపర్, 2022లో ఇంగ్లండ్ క్లబ్బు ఆర్సెనల్‌లో చోటు, అదే ఏడాది ప్రపంచకప్‌లో అమెరికా ఆడిన నాలుగు మ్యాచ్‌లలోనూ గోల్ ముందు అతనే. అందులో ఇంగ్లండ్‌తో 0-0 మ్యాచ్ కూడా ఉంది.

అంకెలకు అందనిది, నాకు అన్నిటికంటే ఇష్టమైనది ఒకటుంది. నార్వే పరిశోధకుడు గైర్ యోర్డెట్ ఆటగాళ్ళ కాళ్ళు వదిలేసి మెడలు చూశాడు. బంతి తన దగ్గరికి రాకముందు ఆటగాడు ఎన్నిసార్లు తల తిప్పి వెనకా పక్కా చూసుకుంటున్నాడో వీడియోల్లో లెక్కపెట్టాడు. ఎక్కువసార్లు చూసుకునే మిడ్‌ఫీల్డర్లు బంతిని ముందుకు పంపడంలో మెరుగ్గా ఉన్నారని తేలింది. కారణం సులువుగానే అర్థమవుతుంది. ప్రొఫెషనల్ ఆటలో బంతి కాలికి తగిలాక ఆలోచించే వ్యవధి ఉండదు. ఎటు తిరగాలో ముందే తెలిసుండాలి. కాలేజీలో ఆ క్షణం కాస్త ఎక్కువ దొరుకుతుంది కాబట్టి, తల తిప్పని కుర్రాడు కూడా అక్కడ నెగ్గుకొస్తాడు. పై మెట్టు ఎక్కగానే దొరికిపోతాడు. టీవీ కెమెరా బంతి వెంటే పోతుంది గనుక ఇది ఇంట్లో కూర్చుంటే సరిగా కనబడదు. స్కౌట్లు ఇప్పటికీ టిక్కెట్టు కొనుక్కుని, చలిలో, ఖాళీ గ్యాలరీలో కూర్చోవడానికి ఇదొక కారణం.

మరి కాలేజీలో మిగిలేది ఎవరు? 2008లో ‘హోమ్‌గ్రోన్’ నిబంధన వచ్చాక క్లబ్బులు సొంత అకాడమీల్లో పెంచిన పిల్లలను డ్రాఫ్ట్‌తో పనిలేకుండానే తీసుకుంటున్నాయి. పదహారేళ్ళకే వికసించినవాళ్ళు అటు పోతారు. కాలేజీకి వచ్చేవాళ్ళలో ఆలస్యంగా ఎదిగినవాళ్ళు, విదేశాల నుంచి చదువుకోసం వచ్చినవాళ్ళు ఎక్కువ. చాలా దేశాల్లో, చాలా ఆటల్లో కనబడిన సంగతి ఒకటుంది: వయసు లెక్కించే తేదీ దాటగానే పుట్టి, ఆ ఏటి పిల్లల్లో కొన్ని నెలలు పెద్దవాళ్ళైనవారే జట్లలో ఎక్కువగా ఎంపికవుతారు. పదమూడేళ్ళ వయసులో పదినెలల తేడా అంటే కొన్ని అంగుళాల ఎత్తు కూడా కావచ్చు. కోచ్ దాన్ని ప్రతిభ అనుకుంటాడు. ఏడాది చివర పుట్టిన పిల్లలకు కాలేజీ రెండో తలుపు. పాట్రిక్ అజెమాంగ్ డివిజన్-3లో మొదలుపెట్టి, రోడ్ ఐలండ్ యూనివర్సిటీకి మారి, 2023లో 12వ పేరుగా షార్లట్ క్లబ్బుకు వెళ్ళాడు. రెండేళ్ళకు అమెరికా జట్టులో గోల్ కొట్టాడు.

ఇలా చెబుతుంటే స్కౌట్లకు ఏమీ తెలియదనిపించవచ్చు. అది నిజం కాదు. స్టాన్‌ఫర్డ్ డిఫెండర్ నయోమీ గిర్మాను 2022 మహిళల లీగు డ్రాఫ్ట్‌లో శాన్ డియేగో అందరికంటే ముందు ఎంచుకుంది. అదే ఏడాది ఆమె ఉత్తమ కొత్త క్రీడాకారిణి, ఉత్తమ డిఫెండర్ కూడా. 2024లో ఒలింపిక్ స్వర్ణం. 2025 జనవరిలో ఇంగ్లండ్ క్లబ్బు చెల్సీ 11 లక్షల డాలర్లిచ్చి తీసుకుంది. మహిళల ఫుట్‌బాల్‌లో మిలియన్ డాలర్లు దాటిన మొదటి బదిలీ అది. ఆమెను గుర్తించడానికి టాకిల్స్ లెక్కపెడితే చాలదు. ముందే సరైన చోట నిలబడిన డిఫెండర్‌కు బంతి కోసం నేలమీద జారాల్సిన పనే రాదు.

గిర్మా లాంటివాళ్ళు ఏడాదికొకరు కనబడతారు. తర్వాత వరసలో ఎవరన్నది మాత్రం దాదాపు నాణెం ఎగరేయడమే. అమెరికన్ ఫుట్‌బాల్ (ఇది సాకర్ కాదు, వేరే ఆట) డ్రాఫ్ట్‌ను శోధించిన కేడ్ మాస్సీ, నోబెల్ గ్రహీత రిచర్డ్ థేలర్ ఇదే గమనించారు: జట్లు తమ ఎంపిక శక్తిని అతిగా నమ్మి, మొదటి స్థానాల కోసం అతిగా చెల్లిస్తాయి. నా మట్టుకు నేను ఒక క్లబ్బుకు సలహా చెప్పాల్సి వస్తే, ఒక్క గొప్ప పేరు కోసం అన్నీ ధారపోయకుండా, ఎక్కువ పేర్లు పిలిచి, అందరికీ ఓపికగా నిమిషాలివ్వమంటాను. ఆ ఓపికే వాండలౌస్కీని నిలబెట్టింది. మహిళల లీగు 2024 ఆగస్టులో డ్రాఫ్ట్‌నే రద్దు చేసి, ఎక్కడ ఆడాలో ఎంచుకునే హక్కు క్రీడాకారిణులకే ఇచ్చింది. అది మంచి పనేనని నా అభిప్రాయం.

అమెరికా యూనివర్సిటీల్లో చదువుతున్న మన తెలుగు పిల్లలు వేలల్లో ఉన్నారు. వాళ్ళలో చాలామంది క్యాంపస్‌లోనే ఈ ఆట జరుగుతుంది. సెప్టెంబరులో ఒక సాయంత్రం వెళ్ళి కూర్చోండి. స్కోరుబోర్డు వైపు చూడకండి, బంతినీ వదిలేయండి. బంతి ఇంకా చేరని ఒక్క ఆటగాణ్ణి ఎంచుకుని, పది నిమిషాలు అతని మెడ వైపు మాత్రమే చూడండి.