ఓడిన జట్టులోని గెలుపు

పాఠ్యభాగ ఉద్దేశం

పోటీ ముగియగానే ఒక జట్టు విజేతగా నిలుస్తుంది. మిగిలిన జట్లు ఇంటిముఖం పడతాయి. ఓడిన జట్లలోని ప్రతిభావంతులకు ఆ తరువాత ఏ దారి ఉంటుంది? కళాశాలల సాఫ్ట్‌బాల్ పోటీల నిర్వహణను వివరిస్తూ, ఈ ప్రశ్నను గురించి విద్యార్థులను ఆలోచింపజేయడం ఈ పాఠం ఉద్దేశం.

పాఠ్యభాగం

భాగవత దశమస్కంధంలో ప్రలంబాసుర వధ ఘట్టం ఉంది. గోపబాలకులు రెండు జట్లుగా విడిపోయి ఆటకు దిగుతారు. ఒక జట్టుకు కృష్ణుడు, మరొక జట్టుకు బలరాముడు నాయకులు. ఓడినవారు గెలిచినవారిని మోయాలన్నది నియమం. ఆ ఆటలో కృష్ణుని పక్షం ఓడిపోతుంది. కృష్ణుడు శ్రీదాముడనే గోపబాలుని వీపున మోస్తాడు. జగత్తును మోసేవాడు కూడా ఆట నియమానికి కట్టుబడ్డాడు. మోసినవాడూ, మోయించుకొన్నవాడూ ఆ తరువాత ఎప్పటిలాగే మిత్రులుగా ఉన్నారు.

ఆ భాగవతాన్ని తెలుగు చేసిన పోతన స్వగ్రామంగా ప్రసిద్ధికెక్కిన బమ్మెర, నేటి జనగామ జిల్లాలో ఉంది. ఓడినవారికి ఆటలో ఏ స్థానం ఉండాలన్న ప్రశ్న ఆనాటి గోపబాలకులకే పరిమితం కాదు. జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి ప్రాంతాల కళాశాలల నుంచి పోటీలకు బయలుదేరే నేటి విద్యార్థులకు కూడా అది ఎదురవుతుంది. సాఫ్ట్‌బాల్ క్రీడను ఉదాహరణగా తీసుకొంటే ఈ విషయం స్పష్టమవుతుంది.

సాఫ్ట్‌బాల్ 1887లో అమెరికాలోని షికాగో నగరంలో పుట్టింది. చలికాలంలో నాలుగు గోడల మధ్య బేస్‌బాల్ ఆడుకోవాలన్న కోరికే దీనికి మూలం. క్రమంగా అది ఆరుబయట మైదానాలకు చేరి, ప్రత్యేక క్రీడగా స్థిరపడింది. భారతదేశంలో 1961లో రాజస్థాన్‌లోని జోధ్‌పూర్ కేంద్రంగా సాఫ్ట్‌బాల్ సంఘం ఏర్పడింది. 1996 అట్లాంటా ఒలింపిక్ క్రీడలలో మహిళల సాఫ్ట్‌బాల్‌కు తొలిసారి స్థానం లభించింది.

ఈ ఆటలో ఒక్కొక్క జట్టుకు తొమ్మిది మంది ఉంటారు. బంతి విసిరే క్రీడాకారిణిని పిచ్చర్ అంటారు. క్రికెట్‌లో బౌలర్ చేతిని భుజం మీదుగా తిప్పి బంతి వేస్తాడు. సాఫ్ట్‌బాల్‌లో పిచ్చర్ చేతిని నడుము కింది నుంచి ముందుకు తెచ్చి బంతిని వదలాలి. బంతిని కొట్టిన బ్యాటర్ మూడు బేస్‌లను వరుసగా తాకి, బయలుదేరిన చోటికి తిరిగి చేరితే జట్టుకు ఒక పరుగు లభిస్తుంది. ముగ్గురు ఔట్ కాగానే ఎదుటి జట్టు బ్యాటింగ్‌కు వస్తుంది. సాధారణంగా ఏడు ఇన్నింగ్స్‌లతో ఆట ముగుస్తుంది.

ఈ క్రీడలో పిచ్చర్‌దే కీలకమైన పాత్ర. ఒక చిన్న కళాశాలలో నేర్పరి అయిన పిచ్చర్ ఒక్కరున్నా, ఆ రోజు ఆమె చేయి బాగా ఆడితే పెద్ద జట్టు కూడా తలవంచవలసి వస్తుంది. అందువల్ల ఒక్క ఆటలోని ఫలితాన్ని చూసి ఏ జట్టు మేటిదో తేల్చిచెప్పడం కష్టం. పోటీలను ఏ పద్ధతిలో నిర్వహించాలన్న ఆలోచనకు ఇదే మూలం.

పోటీల నిర్వహణలో ప్రధానమైన పద్ధతులు రెండు. ప్రతి జట్టూ మిగిలిన జట్లన్నింటితో ఆడేది లీగ్ పద్ధతి. ఓడిన జట్టు వెంటనే వైదొలగేది నాకౌట్ పద్ధతి. మొదటిది నిలకడను పరీక్షిస్తుంది. కాని దానికి రోజులూ, ఖర్చూ ఎక్కువ. రెండవది త్వరగా ముగుస్తుంది. కాని అందులో ఒక్క పొరపాటు చాలు, ఏడాది శ్రమ వృథా కావడానికి.

అమెరికా కళాశాలలు ఈ రెండు పద్ధతులనూ మేళవించాయి. అక్కడ క్రీడల కోసం కొన్ని కళాశాలలు కలిసి ఒక కూటమిగా ఏర్పడతాయి. దానిని కాన్ఫరెన్స్ అంటారు. ఈ సందర్భంలో ఆ మాటకు సదస్సు అన్న అర్థం లేదు. ఫిబ్రవరి నుంచి మే వరకు సాగే క్రీడాకాలంలో ఆ కూటమిలోని జట్లు పరస్పరం తలపడతాయి. క్రీడాకాలం చివర చాలా కూటములు తమ జట్ల మధ్య విజేతను తేల్చే టోర్నమెంటును నిర్వహిస్తాయి. అందులో గెలిచిన జట్టుకు జాతీయ పోటీలలో నేరుగా ప్రవేశం లభిస్తుంది. క్రీడాకాలమంతా వెనుకబడిన జట్టు కూడా ఆ కొద్ది రోజులలో విజృంభిస్తే ముందుకు సాగవచ్చు. మిగిలిన స్థానాలకు ఒక సంఘం జట్లను ఎంపిక చేస్తుంది. ఈ విధంగా అత్యున్నత శ్రేణిలో మొత్తం 64 జట్లు జాతీయ పోటీలకు చేరుకొంటాయి. చివరికి మిగిలే ఎనిమిది జట్లు ఓక్లహోమా సిటీలో తలపడతాయి.

ఆ తుది పోటీలలో ఒక్కసారి ఓడిన జట్టు వైదొలగదు. రెండుసార్లు ఓడితేనే వైదొలగుతుంది. 2021లో జరిగిన సంఘటన ఈ నియమం విలువను తెలుపుతుంది. ఆ ఏడు అగ్రస్థానంలో ఉన్న ఓక్లహోమా జట్టును, అంతగా పేరులేని జేమ్స్ మాడిసన్ విశ్వవిద్యాలయ జట్టు మొదటి ఆటలోనే 4-3 తేడాతో ఓడించింది. నాకౌట్ పద్ధతిలో అయితే ఓక్లహోమా కథ అక్కడితో ముగిసేది. కాని రెండవ అవకాశం దొరికిన ఆ జట్టు వరుసగా గెలిచి, తనను ఓడించిన జట్టునే రెండుసార్లు ఓడించి, చివరకు విజేతగా నిలిచింది.

మన విశ్వవిద్యాలయాలలోని పద్ధతి ఇందుకు భిన్నమైనది. 1976లో వరంగల్లు కేంద్రంగా కాకతీయ విశ్వవిద్యాలయం ఏర్పడింది. 2016లో పూర్వపు వరంగల్లు జిల్లాను విభజించినప్పుడు జనగామ, మహబూబాబాద్, జయశంకర్ భూపాలపల్లి జిల్లాలు ఏర్పడ్డాయి. పటంలో గీతలు మారినా, ఈ మూడు ప్రాంతాల డిగ్రీ కళాశాలలకు కాకతీయ విశ్వవిద్యాలయంతో ఉన్న అనుబంధం కొనసాగింది. విశ్వవిద్యాలయ స్థాయిలో కళాశాలల మధ్య జరిగే పోటీలను అంతర కళాశాలల పోటీలు అంటారు. వీటిలో విజేతను నిర్ణయించడంతో పాటు విశ్వవిద్యాలయ జట్టును కూడా ఎంపిక చేస్తారు.

అమెరికా పద్ధతిలో గెలిచిన కళాశాల జట్టే పై పోటీలకు వెళ్తుంది. మన పద్ధతిలో గెలిచిన కళాశాల యథాతథంగా ముందుకు పోదు. వివిధ జట్ల నుంచి ఎంపికైన క్రీడాకారులు విశ్వవిద్యాలయ జట్టుగా ఏర్పడి, భారతీయ విశ్వవిద్యాలయాల సంఘం ఆధ్వర్యంలో జరిగే అంతర విశ్వవిద్యాలయ పోటీలకు వెళ్తారు. మహబూబాబాద్ కళాశాల జట్టు జనగామ జట్టు చేతిలో ఓడిందనుకొందాం. ఓడిన జట్టులోని పిచ్చర్ బాగా ఆడి ఉంటే, ఆమె ఎంపిక కావచ్చు. నిన్న ఆమె బంతిని కొట్టిన జనగామ బ్యాటరే రేపు ఆమెకు తోడుగా నిలవవచ్చు. కనుక ఓటమి కళాశాలకే గాని, క్రీడాకారిణికి కాదు.

అయితే ఈ పద్ధతిలోనూ కొన్ని చిక్కులు లేకపోలేదు. మొదటి ఆటలోనే వైదొలగిన జట్టులోని విద్యార్థిని తన నైపుణ్యాన్ని చూపడానికి దొరికేది ఒక్క ఆటే. బ్యాటింగ్ చేసే అవకాశం ఆమెకు రెండు మూడుసార్లకు మించి రాకపోవచ్చు. చివరి ఆట వరకు నిలిచిన జట్టులోని విద్యార్థినికి అనేక అవకాశాలు లభిస్తాయి. ఎంపిక చేసేవారి దృష్టి సహజంగానే ఆమెపై ఎక్కువసార్లు పడుతుంది. ఓడిన జట్లలోని వారికి విడిగా బంతి విసరడంలో, పట్టడంలో, బ్యాటింగ్‌లో పరీక్ష పెడితే ఈ లోపం కొంత తీరుతుంది.

దూరం కూడా ఒక అంశమే. జనగామ సికింద్రాబాదు-కాజీపేట రైలుమార్గంలో ఉంది. మహబూబాబాద్ కాజీపేట-విజయవాడ మార్గంలో ఉంది. బొగ్గుగనుల పట్టణమైన భూపాలపల్లికి రైలు లేదు. అక్కడి విద్యార్థులు పరకాల మీదుగా బస్సులో హనుమకొండకు చేరుకోవాలి. అంత దూరం వచ్చి ఒక్క ఆటతో వెనుదిరగడం ఎంతటివారికైనా నిరుత్సాహాన్ని కలిగిస్తుంది. పైగా చిన్న కళాశాలలో ఈ ఆట తెలిసిన తొమ్మిది మందిని కూడగట్టడమే కష్టం. జట్టే లేనిచోట ప్రతిభ ఉన్నా అది వెలుగు చూడదు.

ఇంటర్మీడియట్ విద్యార్థులకు కూడా ఇటువంటి మార్గం ఉంది. స్కూల్ గేమ్స్ ఫెడరేషన్ నిర్వహించే అండర్-19 పోటీలలో సాఫ్ట్‌బాల్ ఒకటి. రాష్ట్రస్థాయిలో ఆడిన వివిధ జట్ల నుంచి రాష్ట్ర జట్టును ఎన్నుకొంటారు. కనుక తమ జట్టు ఓటమి అంచున ఉన్నప్పుడు కూడా ప్రతి బంతినీ శ్రద్ధతో ఆడవలసిన బాధ్యత క్రీడాకారులపై ఉంది. ఆ శ్రద్ధను గుర్తించవలసిన బాధ్యత ఎంపిక చేసేవారిపై ఉంది.

గెలిచినవారిని సత్కరించడం ఏ సమాజానికైనా తెలిసిన పనే. ఓడినవారిలోని ప్రతిభను వెతికి పట్టుకోవడానికి ఓపిక కావాలి, న్యాయదృష్టి కావాలి. ఓడిన కృష్ణుడు శ్రీదాముని మోసినా, మరునాటి ఆటకు అతనిని ఎవరూ దూరం చేయలేదు. ఏ పోటీ అయినా ఓడినవారికి మరునాటి ఆటలో చోటు మిగల్చాలి.

ప్రశ్నలు

1. లీగ్, నాకౌట్ పద్ధతుల మధ్య గల భేదాన్ని వివరించండి.
2. 2021 నాటి ఓక్లహోమా జట్టు అనుభవం నుంచి మనం గ్రహించవలసినది ఏమిటి?
3. “ఓటమి కళాశాలకే గాని, క్రీడాకారిణికి కాదు” – ఈ వాక్యాన్ని సందర్భసహితంగా వ్యాఖ్యానించండి.
4. అంతర కళాశాలల పోటీలలో ఎంపిక మరింత న్యాయంగా జరగాలంటే ఏమి చేయాలో మీ అభిప్రాయాన్ని రాయండి.