గ్రాఫిక్స్ కార్డు వేగం పెంచే ముందు...

మొన్న హాస్టల్‌కు వచ్చినప్పుడు పదో తరగతి తమ్ముళ్లు ఇద్దరు నన్ను పక్కకు పిలిచారు. "అన్నా, పాత బ్యాచ్ అన్నలు ఇచ్చిన కంప్యూటర్‌లో గ్రాఫిక్స్ కార్డు ఉంది కదా! దాన్ని ఓవర్‌క్లాక్ చేస్తే కొత్త కార్డులా పనిచేస్తుందంట. చేసేద్దామా?" అని అడిగారు. "ఆగండి, వార్షికోత్సవ సంచికలో రాస్తాను. చదివాక మీరే చెప్పండి" అన్నాను. ఇలాంటి తొందరే నాకు ఒకసారి బాగా ఖరీదైంది. ఆ సంగతి చివర్లో చెబుతాను. ముందు విషయం తెలుసుకుందాం.

ఓవర్‌క్లాకింగ్ అంటే ఏమిటి?

పొద్దున్నే పీఈటీ సార్ విజిల్ వేస్తే మనం డ్రిల్ చేస్తాం. ఒక్కో విజిల్‌కు ఒక్కో కదలిక. గ్రాఫిక్స్ కార్డులోని చిప్పుకు కూడా అలాంటి విజిల్ ఒకటుంది. దాన్నే క్లాక్ అంటారు. 1,000 మెగాహెర్ట్జ్ అంటే సెకనుకు వంద కోట్ల విజిళ్లన్నమాట. కంపెనీ పెట్టిన వేగం కంటే ఆ విజిల్‌ను ఇంకాస్త వేగంగా వేయించడమే ఓవర్‌క్లాకింగ్.

విజిల్ వేగం పెరిగితే డ్రిల్ తొందరగా అయిపోతుంది. కానీ వరుసలో అందరికంటే నెమ్మదిగా చేసేవాడు చెయ్యి దించకముందే తర్వాతి విజిల్ పడితే వరుస చెదిరిపోతుంది. చిప్పులోనూ అంతే. లోపలి దారుల్లో సిగ్నల్‌కు ఎక్కువ సమయం పట్టే దారి ఒకటుంటుంది. అక్కడ సిగ్నల్ చేరకముందే తర్వాతి క్లాక్ పడితే లెక్క తప్పుతుంది. తెర మీద రంగు చుక్కలు, గీతలు కనిపిస్తాయి. లేదా తెర నల్లబడి కంప్యూటర్ ఆగిపోతుంది.

ఒకే మోడల్ కార్డులైనా ఏ రెండు చిప్పులూ అచ్చంగా ఒకేలా ఉండవు. అందుకే బలహీనమైన చిప్పు కూడా తట్టుకునేలా కంపెనీ వేగాన్ని కాస్త తగ్గించి పెడుతుంది. ఆ మిగులునే మనం వాడుకుంటాం. మన చిప్పులో మిగులు ఎంతుందో పరీక్షిస్తేనే తెలుస్తుంది. "మా ఫ్రెండు కార్డు 200 పెరిగింది" అన్న మాట మన కార్డుకు పనికిరాదు.

ఎంత లాభం?

ఈ మిగులు ఇప్పుడు పెద్దగా ఉండదు. 2012లో ఎన్‌విడియా కంపెనీ జీటీఎక్స్ 680 కార్డుతో 'జీపీయూ బూస్ట్' అనే పద్ధతి తెచ్చింది. వేడి, కరెంటు పరిమితుల్లో ఉన్నంతవరకు కార్డు తనంతట తానే వేగం పెంచుకుంటుంది. మనం పెంచగలిగేది మామూలుగా నూటికి 5 నుంచి 10 వంతులు. సెకనుకు 40 ఫ్రేములు వచ్చేచోట 42, మహా అయితే 44 వస్తాయి. అంతేగాని పాత కార్డు కొత్త కార్డు అయిపోదు.

కరెంటు లెక్క

చిప్పు పనిచేసేటప్పుడు తీసుకునే కరెంటు క్లాక్ వేగాన్ని బట్టి పెరుగుతుంది. వోల్టేజి పెరిగితే మాత్రం దాని వర్గాన్ని బట్టి పెరుగుతుంది. క్లాక్ ఒక్కటే 10 శాతం పెంచితే కరెంటు ఖర్చు సుమారు 10 శాతం పెరుగుతుంది. వోల్టేజి కూడా 10 శాతం పెంచితే 1.1 × 1.1 × 1.1, అంటే 1.33. మూడో వంతు అదనం! ఆ అదనమంతా వేడిగా మారుతుంది. క్లాక్ కొద్దిగా పెరిగితే కార్డు సాధారణంగా కాలిపోదు, తడబడి ఆగిపోతుంది అంతే. కాల్చేవి వోల్టేజి, వేడి, నాసిరకం ఎస్‌ఎంపీఎస్.

మన హాస్టల్ కంప్యూటర్‌లో ఉన్నది 2016లో వచ్చిన జీటీఎక్స్ 1050 టీఐ. కంపెనీ ఇచ్చిన లెక్క ప్రకారం దాని వేగం 1,290, బూస్ట్ 1,392 మెగాహెర్ట్జ్. కరెంటు 75 వాట్లు. దీనికి విడిగా పవర్ వైరు లేదు. మదర్‌బోర్డు స్లాట్ ఇవ్వగలిగేది కూడా 75 వాట్లే. అంటే గోడ అక్కడే ఉంది.

ఇంకో సంగతి. ఫ్యాన్ విసిరేది గదిలోని గాలినే. గది 25 డిగ్రీలున్నప్పుడు కార్డు 70 డిగ్రీలు ఉందంటే తేడా 45. అదే మన మే నెలలో గది 43 డిగ్రీలుంటే, ఫ్యాన్ అదే వేగంతో తిరిగితే, 88 దాకా పోవాలి. ఈ కార్డు సుమారు 83 డిగ్రీల దగ్గరే వేగం తగ్గించుకోవడం మొదలుపెడుతుంది. మనం పెంచిందంతా అది దించేస్తుంది. కాబట్టి జనవరిలో సరిపోయిన అంకె మే నెలలో సరిపోదు.

చేయాల్సిన పద్ధతి

1. కంప్యూటర్ ఆపి, ప్లగ్గు తీసి, ఫ్యాన్‌లోనూ రెక్కల మధ్యా దుమ్ము దులపాలి. సగం వేడి సమస్య అక్కడే తీరవచ్చు.

2. ఏమీ మార్చకుండా ముందు కొలవాలి. ఎంఎస్‌ఐ ఆఫ్టర్‌బర్నర్‌లో వేడి, క్లాక్ కనిపిస్తాయి. యూనిజిన్ హెవెన్ పరీక్ష నడిపి స్కోరు, గరిష్ఠ వేడి నోట్‌బుక్‌లో రాసుకోవాలి.

3. కోర్ క్లాక్‌ను 20 మెగాహెర్ట్జ్ చొప్పున పెంచాలి. ప్రతిసారీ పది నిమిషాలు పరీక్ష. ప్రతిసారీ రాసుకోవడం.

4. చుక్కలు కనిపించినా, తెర ఆగినా అదే హద్దు. అక్కడి నుంచి 40 వెనక్కి రావాలి. హద్దు మీద నిలబడకూడదు.

5. తర్వాతే మెమరీ, 50 చొప్పున. రెండూ ఒకేసారి పెంచితే తప్పు ఎక్కడుందో తెలియదు. ఈ రకం మెమరీ తప్పు దొర్లితే డేటాను మళ్లీ పంపుకుంటుంది. అందుకని తెర బాగానే ఉన్నా స్కోరు తగ్గుతుంది. స్కోరు తగ్గడం మొదలైతే వెనక్కి రావాలి.

6. చివరగా గంటసేపు పరీక్ష. కంప్యూటర్ ఆన్ కాగానే అమలయ్యే ఆప్షన్‌ను వారం రోజుల దాకా పెట్టకూడదు. ఏదైనా తేడా వస్తే రీస్టార్ట్ చేస్తే చాలు, పాత వేగానికి వచ్చేస్తుంది.

వోల్టేజి, కార్డు బయోస్ ముట్టుకోవద్దు. వారంటీ ఉంటే షరతులు చదవండి. కరెంటు వస్తూ పోతూ ఉన్న రోజు అసలు వద్దు.

నా సంగతి

2008లో ఇంజనీరింగ్ రెండో సంవత్సరంలో నేనూ నా రూమ్మేటూ స్కాలర్‌షిప్ డబ్బులు చెరిసగం వేసుకుని సెకండ్ హ్యాండ్ కార్డు ఒకటి కొన్నాం. ఎస్‌ఎంపీఎస్ మాత్రం అన్నిటికంటే చవకది. ఒక మే నెల రాత్రి వాడు ఊరెళ్లినప్పుడు, వాడికి చెప్పకుండా, క్లాక్ ఒకేసారి 20 శాతం, వోల్టేజి కూడా పెంచాను. పావుగంటలో కాలిన వాసన. ఎస్‌ఎంపీఎస్ పోయింది, దాంతోపాటు కార్డూ పోయింది. వాడు తిరిగొచ్చి ఒక్క మాట అనలేదు. అదే నాకు ఎక్కువ బాధేసింది. ఇంటర్ పిల్లలకు ట్యూషన్లు చెప్పి ఆరు నెలల్లో వాడి వాటా తీర్చాను. డబ్బు తీరింది గాని, చెప్పకుండా చేశానన్న మాట తీరలేదు.

తమ్ముళ్లూ, హాస్టల్ కంప్యూటర్ మీ ఇద్దరిదే కాదు. దాని ముందు కూర్చోవడానికి వంతు కోసం చూసే ఆరో తరగతి పిల్లవాడిది కూడా. అందుకే వార్డెన్ గారికి చెప్పి, ఎండలు తగ్గాక, నేను వచ్చినప్పుడు అందరి ముందూ చేద్దాం. అప్పటిదాకా దుమ్ము దులపండి. ఒక నోట్‌బుక్ కొని మొదటి పేజీలో ఇప్పటి స్కోరు, ఇప్పటి వేడి రాసిపెట్టండి.

— ఒక పూర్వ విద్యార్థి
(2004 పదో తరగతి బ్యాచ్)